లక్ష మంది చూశారు, ఆర్డర్లు ఏడు. ఈ ఫేస్‌బుక్, ఇన్‌స్టాలతో నిజంగా సరుకు కదులుతుందా?

జీడి కుర్రాడు, కాశీబుగ్గ:

అందరికీ నమస్కారం. పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో మాకు చిన్న జీడి యూనిట్ ఉంది. పిక్కలు, అంటే పెంకుతో ఉన్న జీడిగింజలు, ఉడకబెట్టడం, కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడు చేయడం అన్నీ మా దగ్గరే. పది కేజీల డబ్బాలు హోల్‌సేల్ వాళ్లకి వేస్తాం, వాళ్లు చెప్పిందే రేటు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి ఏడాదైంది. మధ్యవాళ్లు లేకుండా పావు కేజీ, అర కేజీ ప్యాకెట్లు నేరుగా ఇళ్లకి అమ్ముదామని ఫేస్‌బుక్‌లో పేజీ, ఇన్‌స్టాలో అకౌంటు తెరిచాను.

పోయిన నెల మా దగ్గర పనిచేసే అక్కలు పిక్కలు కొడుతున్న వీడియో ఒకటి పెట్టాను. ఎక్కువమందికి కనిపించేలా దానికి 3,000 పెట్టి బూస్ట్ కూడా చేశాను. లక్ష మంది పైన చూశారు. ‘మా పలాస’, ‘ఆ వాసన ఇక్కడిదాకా వస్తోంది’ అని ఒకటే కామెంట్లు. ఆర్డర్లు ఏడు. అందులో ఒకటి మా చిన్నాన్నది, ఒకటి మా బావది. మిగతా అయిదుగురిలో ఒకాయన ప్యాకెట్ అందాక ‘ఇది ఉద్దానం పిక్కా, ఆఫ్రికా పిక్కా’ అని అడిగారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా చుట్టుపక్కల ఉద్దానంలో జీడితోటలకి తోటలే పడిపోయాయి. ఊళ్లో ఇన్ని యూనిట్లకి ఇక్కడి పంట ముందు నుంచీ చాలదు. సీజన్ దాటాక చాలామంది ఆఫ్రికా పిక్కే ఆడిస్తారు, మేమూ అంతే. ఉన్నమాట చెప్పాను. ఆయన మళ్లీ పలకలేదు.

నాన్న ఏమంటారంటే, ‘ఆ లైకులన్నీ కాటాలో వెయ్యి, ఎన్ని కేజీలు తూగుతాయో చూద్దాం.’ విశాఖలో ఒక ఏజెన్సీవాళ్లు నెలకి 8,000 ఇస్తే పేజీ మొత్తం చూసుకుంటామంటున్నారు. ఇవ్వాలా? మీలో ఎవరికైనా దీనివల్ల అమ్మకాలు పెరిగాయా? థియరీ వద్దు, మీకు జరిగింది చెప్పండి.

కోట దగ్గర టిఫిన్, విజయనగరం:

తమ్ముడూ, ఏజెన్సీకి మాత్రం ఇవ్వకు. నేను ఆర్నెల్లు ఇచ్చాను. వాళ్లు చేసిందల్లా పండక్కొక పోస్టరు, దాని మీద నా ఫోటో. పైడితల్లమ్మ జాతరకి ‘శుభాకాంక్షలు’ అని పెట్టారు గానీ సిరిమాను రోజు పొద్దున్న ఎన్నింటికి తెరుస్తామో రాయలేదు. ఊరికి ఎన్ని వేల మంది వచ్చే రోజది!

మా వ్యాపారానికి పనికొచ్చింది గూగుల్ మ్యాప్. అందులో షాపు పెట్టుకోవడానికి పైసా అక్కర్లేదు. రైలు దిగినవాడు ‘దగ్గరలో టిఫిన్’ అని వెతుక్కుని వచ్చేస్తున్నాడు. అయినా నాది ఇడ్లీ, నీది పార్సిల్ సరుకు. నా లెక్క నీకు సరిపోకపోవచ్చు.

ఊరగాయమ్మ, శ్రీకాకుళం:

బాబూ, మీ నాన్న అన్నది నిజమే, నువ్వు చేసిందీ తప్పు కాదు. నాది సిక్కోలు, అరసవల్లి వెళ్లే దారిలో ఇల్లు. ఊరగాయలు, వడియాలు, పాకుండలు చేసి అమ్ముతాను, ఏడేళ్లవుతోంది. సాయానికి ఇద్దరు వస్తారు. నాకు తెలిసిన ఊసు చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నా దగ్గర ఒక పొడుగు నోటు పుస్తకం ఉంది. ఆర్డర్లు రాసే పేజీలో చివర ఒక గీత కొట్టి ‘ఎలా తెలిసింది’ అని పెట్టుకున్నాను. ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ అడుగుతాను. మొన్న వేసవిలో ఆవకాయకి వంద ఆర్డర్లు అయ్యాక కూచుని లెక్కేశాను. 58 మంది పాతవాళ్లే. 27 మంది పాతవాళ్లు చెప్తే వచ్చినవాళ్లు. ఫేస్‌బుక్కో ఇన్‌స్టానో చూసి వచ్చామన్నది 11 మంది. మిగతా నలుగురికీ గుర్తులేదట.

అది చూసి మా ఆయన, ‘ఆ పదకొండు మంది కోసమేటి రోజంతా ఫోను పట్టుకుని కూచుంటావు’ అన్నారు. నాకూ అలాగే అనిపించి రెండ్రోజులు పేజీ ముట్టుకోలేదు. తర్వాత అటక మీంచి పాత పుస్తకాలు దింపి ఆ 58 పేర్లూ ఒక్కొక్కటే వెతికాను. ఇరవైమందికి పైగా మొదటిసారి వచ్చింది హైదరాబాద్‌లో ఉండే సిక్కోలు వాళ్ల గ్రూపులో నా పోస్టు చూసి! రెండేళ్ల కిందట కొందరు, మూడేళ్ల కిందట కొందరు. అప్పుడు భయపడుతూ అర కేజీ తెప్పించుకున్న మనిషి ఇప్పుడు అయిదు కేజీలు తెప్పించుకుంటోంది, ఆడపడుచు చేత కూడా కొనిపిస్తోంది. ఆ ఆడపడుచుని నేను ఏ గీత కింద రాయాలి? నువ్వేమో పోయిన నెల పెట్టిన వీడియోకి ఈ నెల లెక్క అడుగుతున్నావు.

అలాగని చూసినవాళ్లంతా కొంటారనుకోకు. నేను మామిడికాయ కొట్టిన వీడియో, టెంక టక్‌మని రెండుగా విడిపోయేది, బోలెడుమంది చూశారు. ‘అమ్మా, చెయ్యి జాగ్రత్త’ అన్నవాళ్లే రెండొందల మంది ఉంటారు. ఆర్డర్లు రెండు. ఆర్డర్లు తెచ్చిందేటో తెలుసా? ధరల చీటీ. తెల్లకాగితం మీద నా చేత్తో రాసి ఫోటో తీసి పెట్టాను. బెల్లం ఆవకాయ కేజీ ఇంత, మాగాయ ఇంత, హైదరాబాద్‌కి ఆర్టీసీ కార్గోలో వేస్తే ఇంత, ఎన్నాళ్లు నిలవుంటుంది, డబ్బు ఎప్పుడు కట్టాలి. అంతే. ‘ధర ఇన్‌బాక్స్‌లో’ అని రాస్తారు చూడు చాలామంది, నువ్వూ అలాగే రాశావేమో చూసుకో. ధర అడగడానికి మొహమాటపడే మనిషి ఇంకో పేజీకి పోతుంది. నేనే పోతాను.

వాట్సాప్ సంగతి. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మంది. అదీ మన నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ వెళ్తుంది. ఇది తెలియక ఏడాది పాటు నేను గాలికి పంపుతున్నాను. ఇప్పుడు డబ్బా మూత మీద చిన్న చీటీ అంటిస్తాను, ‘ఈ నంబరు దాచుకోండి, కొత్త కాయ వచ్చినప్పుడు కబురు పెడతాను’ అని. నెలకి ఒక్కసారే పంపుతాను. గుడ్ మార్నింగులూ పువ్వులూ పంపను.

పోయినేడాది ఒక పార్సిల్‌లో నూనె కారిపోయింది. ఆవిడ ఆ తడిసిన అట్టపెట్టె ఫోటో తీసి నా పేజీలో అందరూ చూసేలా పెట్టింది. ఏడుపొచ్చింది. తీసెయ్యమన్నాడు మా అబ్బాయి. తియ్యలేదు. దాని కిందే ‘తప్పు మాదేనమ్మా, రేపు ఇంకోటి వేస్తాను’ అని రాసి వేశాను. ఇప్పుడు డబ్బా నోటికి పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి, మూత పెట్టి, చుట్టూ టేపు వేసి, విడిగా ఒక కవరులో కట్టి, అప్పుడు పేపర్ల మధ్య పెడుతున్నాను. ఆ ఫోటో ఇప్పటికీ పేజీలో ఉంది. అది చదివే ఆర్డరు ఇచ్చామని తర్వాత ముగ్గురు చెప్పారు.

ఒక హెచ్చరిక కూడా. పేజీ పెట్టిన కొత్తలో ఒకడు ఫోన్ చేసి ‘ఆర్మీ ఆఫీసర్ని, క్యాంటీన్‌కి పది కేజీలు కావాలి, అడ్వాన్సు వేస్తాను, ఈ కోడు స్కాన్ చేసి పిన్ను కొట్టండి’ అన్నాడు. మనకి డబ్బు రావడానికి మనం పిన్ను కొట్టక్కర్లేదు బాబూ. నేను 2,000 పోయాక తెలుసుకున్నాను.

పొందూరు వాడిని:

ఊరగాయమ్మ చెప్పింది వంద శాతం నిజం. ఇంకో కోణం చెప్తాను, కాస్త చేదుగా ఉంటుంది.

మా అమ్మ నూలు వడికేది. ఇప్పుడు నేను పొందూరు ఖాదీ పంచెలు, చీరలు అమ్ముతున్నాను. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకడం ఒక వీడియో తీశాను. దగ్గరగా, ఆ సన్నని పళ్ల మధ్య నుంచి గింజ మీది దూది పోగులు సాఫీగా విడిపోవడం కనిపించేలా. బాగా తిరిగింది. ఎంత బాగా అంటే, మూడు వారాల్లో అదే వీడియో ఇంకో నాలుగు పేజీల్లో కనిపించింది, కింద మరమగ్గం చీరల ధరలతో! మా అమ్మ చెయ్యి చూపించి ఎవడో మిల్లు బట్ట అమ్ముకున్నాడు. ఖాదీ మార్కు లేకుండా ఖాదీ అని అమ్మకూడదని 2013 నుంచీ నిబంధన ఉంది గానీ, ఇన్‌స్టాలో ఎవరు చూస్తారు?

అప్పటి నుంచి మనిషి మొహం లేకుండా వీడియో పెట్టడం మానేశాను. అమ్మ మాట్లాడుతుంది, ఊరి పేరు చెప్తుంది, కొన్నవాళ్లని పేరుపెట్టి పలకరిస్తుంది. అది కాజేస్తే వాళ్లకే ఇబ్బంది. చూసేవాళ్లు తగ్గారు, నిజమే. పొందూరు దాకా వచ్చి కొనేవాళ్లు పెరిగారు. కారేసుకుని వచ్చినవాళ్లు ఒక్క పంచెతో పోరు.

నీ విషయంలో ఆ ఆఫ్రికా పిక్క సంగతి దాచకు. ప్యాకెట్ మీదే రాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ‘ఉద్దానం పిక్క’ అని వేరే ప్యాకెట్ పెట్టి, రేటు ఎక్కువ పెట్టు. ‘పలాస జీడిపప్పు’ అని హైదరాబాద్‌లో ప్రతి సందులోనూ అమ్ముతున్నారు. వాళ్లెవరూ చెప్పలేని మాట నువ్వు చెప్పగలవు. ఇంకోటి, ప్యాకెట్ మీద 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు ఉండాలి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. ఇలాంటి సరుకు పక్క రాష్ట్రానికి అమ్మితే అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. పేజీ పెరిగాక ఇది గుర్తొస్తే లాభం లేదు.

జీడి కుర్రాడు, కాశీబుగ్గ:

అందరికీ థ్యాంక్స్. ఏజెన్సీకి వద్దని చెప్పేశాను. అమ్మా, మీ చీటీ ఊసు చదివి నా పోస్టులన్నీ వెనక్కి తిరగేశాను. ఒక్కదాంట్లోనూ ధర లేదు. ‘డబ్ల్యూ 320’ అని రాసి ఊరుకున్నాను. పౌనుకి, అంటే 454 గ్రాములకి, దాదాపు 300 నుంచి 320 గింజలు తూగేదని మాకు తెలుసు గానీ పాయసంలో వేసుకునేవాళ్లకి ఎలా తెలుస్తుంది! నిన్న గుండు (విరగని పప్పు), బద్ద (రెండుగా విడిన పప్పు), ముక్క మూడూ మూడు పళ్లేల్లో పోసి, దేని ధర దాని పక్కన రాసి ఫోటో పెట్టాను. చూసింది నాలుగొందల మందే. ఫోన్లు తొమ్మిది. ఎక్కువమంది అడిగింది బద్ద. నేనేమో ఇన్నాళ్లూ పెద్ద గుండు ఫోటోలే పెడుతున్నాను, అందంగా ఉంటుందని.

నాన్న దగ్గర పాత ఖాతా పుస్తకం ఉంది. ఒకప్పుడు నేరుగా కొనుక్కెళ్లినవాళ్ల నంబర్లు రెండొందల దాకా ఉన్నాయి. అందరికీ ఒకేసారి వాట్సాప్ పెట్టెయ్యనా?

ఊరగాయమ్మ, శ్రీకాకుళం:

వద్దు. అడక్కుండా ఒక్కసారే అంతమందికి పంపితే నలుగురు రిపోర్టు కొడతారు, నంబరు ఆగిపోతుంది. మీ నాన్న చేత రోజుకి పదిమందికి ఫోన్ చేయించు. వాళ్లకి తెలిసిన గొంతు ఆయనది, నీది కాదు. సరేనంటేనే లిస్టులో వెయ్యి.

నాకు బద్ద రెండు కేజీలు కావాలి, సంక్రాంతికి పాకుండల్లోకి. పార్సిల్ ఎంతవుతుందో ఇక్కడే రాయి, అందరూ చూస్తారు. ముక్క కలిపావో, అదీ ఇక్కడే రాస్తాను.