మొదటి సంవత్సరం ఇంజనీరింగ్: క్లాసులో అర్థమవుతుంది, హోంవర్కు దగ్గర పెన్ను కదలదు

అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్‌లోనే స్టూడెంట్ వీసా మీద అమెరికా వచ్చి మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరాను. కాలిక్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్, ల్యాబ్ అన్నీ కలిపి 15 క్రెడిట్లు. మూడు వారాలైంది. పాఠాలు కొత్తవేం కాదు, వింటుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. హోంవర్కు ముందు కూర్చుంటే మాత్రం మొదటి లైను కూడా రాదు. ఎక్కడ తప్పుతోందో చెప్పగలరా?

—

తమ్ముడూ, ముందు గంటల లెక్క చూసుకో. అమెరికా పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దాని మీద బయట రెండు గంటల పని. 15 క్రెడిట్లకి మొత్తం 45 గంటలు. అందులో 30 గంటలకి టైంటేబుల్ ఎవరూ ఇవ్వరు, నువ్వే వేసుకోవాలి. యూరప్‌లో క్రెడిట్ వేరు: ఏడాదికి 60, ఒక్కోదానికి 25 నుంచి 30 గంటల పని. కాబట్టి వేరే దేశంలో ఉన్న స్నేహితుడి క్రెడిట్లతో నీవి పోల్చుకోకు.

సిలబస్ కాగితంలో మార్కుల వాటా చూడు. హోంవర్కులు, క్విజ్‌లు, మిడ్‌టర్మ్‌లు కలిసి ఎంత ఉన్నాయో కూడితే, చివరి పరీక్ష ముందు వారం కూర్చుని చదివేసే అలవాటు ఇక్కడ ఎందుకు పనిచేయదో తెలిసిపోతుంది.

హోంవర్కు ఇచ్చిన రోజే లెక్కలన్నీ ఒక్కసారి చదువు. ఇరవై నిమిషాలు చాలు. దారి తోచనివాటికి గుర్తు పెట్టుకుని, మర్నాడే వాటితో మొదలుపెట్టు. ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థుల సందేహాలు తీర్చడానికి ప్రొఫెసర్ కేటాయించే సమయం) గడువు రోజున కాకుండా రెండు రోజుల ముందు వెళ్లు. చేతిలో నువ్వు గీసిన బొమ్మ, రాసిన సమీకరణం, ఆగిపోయిన చోటు ఉండాలి. "అర్థం కాలేదండీ" అంటే పాఠం మళ్లీ మొదటినుంచి వినాల్సి వస్తుంది. "మూడో లెక్కలో ఘర్షణ ఇటువైపు తీసుకున్నాను, త్వరణం మైనస్ వస్తోంది, ఎందుకు?" అని అడిగితే ఐదు నిమిషాల్లో ముడి విడిపోతుంది. అలా అడగడం తెలివితక్కువతనం అని ఇక్కడ ఎవరూ అనుకోరు. ఆ గంట ఉన్నదే అందుకు.

—

మీ అసలు ప్రశ్నకి వస్తాను. సాధించిన లెక్కని చూసి అర్థం చేసుకోవడం, దాన్ని సాధించడం రెండూ వేరు పనులు. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లదే పైచేయి. అందుకని క్లాసులో చేసిన ఉదాహరణని ఆ సాయంత్రమే నోట్సు మూసి తెల్ల కాగితం మీద చేయండి. ఆగిపోతే ఒక్క లైను చూసి మళ్లీ మూసేయండి. రెండు రోజుల తర్వాత అదే లెక్క అసలు చూడకుండా రావాలి.

ఫిజిక్స్‌లో ఎక్కువ మంది జారేది ఫ్రీ బాడీ డయాగ్రమ్ దగ్గర, అంటే ఒక వస్తువు మీది బలాలను బాణాలతో చూపే బొమ్మ దగ్గర. ఒక్క వస్తువునే విడదీసి గీయండి. దాని మీద పనిచేసే బలాలే వేయండి, అది ఇతరుల మీద వేసేవి వద్దు. ద్రవ్యరాశి ఇంటూ త్వరణం అనేది బలాల మొత్తం, దానికి వేరే బాణం ఉండదు. అభిలంబ బలం (తలం వస్తువుని లంబంగా నెట్టే బలం) ప్రతిసారీ బరువుకి సమానం కాదు: వాలు తలం మీద అందులో కొసైన్ వంతే, పైకి లాగే తాడు ఉంటే ఇంకా తగ్గుతుంది. స్థైతిక ఘర్షణ (వస్తువు జారకుండా ఆపే ఘర్షణ) కూడా అవసరమైనంతే ఉంటుంది, అభిలంబ బలాన్ని ఘర్షణ గుణకంతో గుణిస్తే వచ్చేది దాని గరిష్ఠ హద్దు మాత్రమే.

అంకెలు చివరి లైను దాకా వేయకండి. జవాబు అక్షరాల్లో ఉంటేనే పరీక్షించగలరు. ఘర్షణ లేని వాలు మీద త్వరణానికి సైన్ బదులు కొసైన్ వచ్చిందనుకోండి, కోణం సున్నా పెట్టి చూడండి: చదును నేల మీద వస్తువు తనంతట తాను, పైనుంచి కింద పడేటప్పటి త్వరణంతో పరుగెడుతుంది! తప్పు అక్కడే దొరికిపోతుంది. ప్రమాణాలు కూడా సరిచూడండి. 1999లో నాసా అంగారకుడికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక నష్టపోవడానికి మూలం ఒక చోట పౌండ్-సెకన్లు, మరో చోట న్యూటన్-సెకన్లు వాడటమే.

—

ప్రోగ్రామింగ్ గురించి కొంచెం. ఐదారు లైన్లు రాయగానే నడిపి చూడండి. సీ భాషలో ఒక్క సెమికోలన్ మరిచిపోయినా ఎర్రర్లు గుట్టగా రావచ్చు, అన్నిటికంటే పైనున్నది సరిదిద్ది మళ్లీ కంపైల్ చేయండి. సీలో 5/2 అంటే 2 వస్తుంది, 5.0/2 అని రాయాలి. మ్యాట్‌ల్యాబ్, పైథాన్ సైన్ ఫంక్షన్లు కోణాన్ని డిగ్రీల్లో కాదు, రేడియన్లలో తీసుకుంటాయి: 30 ఇస్తే 0.5 బదులు సుమారు -0.988 వస్తుంది. 0.1కి 0.2 కలిపి 0.3తో సమానమా అని అడిగితే కంప్యూటర్ కాదంటుంది, తేడా చాలా చిన్నదేనా అని అడగాలి.

ల్యాబ్ రిపోర్టులో "మానవ తప్పిదం" అని రాసి వదిలేయొద్దు, అక్కడే మార్కులు పోతాయి. ఏ కొలతలో ఎంత అని చెప్పండి. మీటరు పొడవున్న లోలకానికి ఒక డోలనం దాదాపు 2 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకన్లు అటూ ఇటూ అయితే అది 10 శాతం. 20 డోలనాలకి కలిపి కొలిస్తే 40 సెకన్లలో అదే 0.2, అంటే అర శాతం. గురుత్వ త్వరణం సూత్రంలో కాలం వర్గంగా ఉంటుంది కనుక ఫలితంలో ఆ తప్పు రెట్టింపవుతుంది: ఒకచోట 20 శాతం, ఇంకోచోట 1 శాతం.

—

చాలా థాంక్సండీ. ఇంకో రెండు సందేహాలు: స్నేహితులతో కలిసి హోంవర్కు చేయొచ్చా? ఒక కోర్సు మానేయాలనిపిస్తే?

—

సిలబస్‌లో అనుమతి ఉంటే పద్ధతి మాట్లాడుకోండి, బోర్డు మీద బొమ్మ గీసుకోండి. కానీ లేచి వచ్చేటప్పుడు చేతిలో కాగితం ఉండకూడదు, జవాబు ఎవరికి వారే రాయాలి. కలిసి ఆలోచించినవాళ్ల పేర్లు పైన రాయమంటే రాయండి. కోడ్ ఫైల్ మాత్రం పంపొద్దు, తీసుకోవద్దు. పోల్చే సాఫ్ట్‌వేర్ కోడ్ నిర్మాణాన్ని చూస్తుంది, వేరియబుల్ పేర్లు మార్చినా పట్టుకుంటుంది. ఇచ్చినవాళ్లకీ శిక్ష పడుతుంది.

కోర్సు మానడానికి సాధారణంగా రెండు గడువులుంటాయి: మొదటిదాని లోపల రికార్డులో ఏమీ మిగలదు, రెండోదాని లోపల మానినట్టు గుర్తు పడుతుంది. రెండూ ఈ రోజే క్యాలెండర్‌లో రాసుకోండి. స్టూడెంట్ వీసా మీద ఉన్నారు కనుక, క్రెడిట్లు పూర్తికాలపు హద్దు కంటే తగ్గితే వీసాకే ముప్పు రావచ్చు. మానే బటన్ నొక్కకముందే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.