పేగు ఆపరేషనైన ఏడో రోజు. జ్వరం లేదు, కానీ నాన్న మాట తేడాగా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా?

గాజువాక అబ్బాయి:
నాన్నకి 74. పెద్దపేగులో గడ్డ ఉంటే ఆ ముక్క తీసేసి కుట్టారు. ఐదో రోజు ఇంటికి పంపారు. నిన్నటి నుంచి జావ కూడా వద్దంటున్నారు, కడుపు ఉబ్బింది. రాత్రి రెండింటికి లేచి "పొద్దుటి షిఫ్ట్‌కి టైమైపోతోంది, క్యారేజీ కట్టు" అని అమ్మని ఒకటే తొందర. స్టీల్ ప్లాంట్‌లో రిటైరై పద్నాలుగేళ్లయింది! ఒళ్లు చూస్తే 98.4. రేపు సోమవారం ఓపీకి తీసుకెళ్తే సరిపోతుందా?

మధురవాడ స్టాఫ్ నర్స్:
ఆగొద్దు తమ్ముడూ, ఇప్పుడే బయల్దేరు. పెద్దవాళ్లకి లోపల చీము పట్టినా ఒళ్లు కాలకపోవచ్చు, ముందు మాటే తేడా వస్తుంది. గడియారం చూసి నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెట్టు. 22 గానీ ఆపైన గానీ ఉంటే ప్రమాదం. గుండెకో బీపీకో మెటోప్రొలాల్ లాంటి మాత్ర వేసుకుంటుంటే నాడి వేగం పెరగకపోవచ్చు, మామూలుగా ఉంది కదా అని నమ్మొద్దు. మూత్రం వస్తోందా?

గాజువాక అబ్బాయి:
28 అక్కా. మూత్రం నిన్నటి నుంచి ఒక్కసారే, డికాషన్ రంగులో. 108కి ఫోన్ చేశాను.

మధురవాడ స్టాఫ్ నర్స్:
మంచి పని చేశావు. నోటికేమీ పెట్టకు, మళ్లీ ఆపరేషన్ పడొచ్చు. క్యాజువాలిటీలో మొదటి మాటే "ఏడు రోజుల కింద పేగు కుట్టారు" అని చెప్పు, డిశ్చార్జ్ కాగితం చేతికివ్వు. కుట్టు విడితే పేగులోది కడుపులోకి కారి సెప్సిస్ అవుతుంది, అంటే ఇన్‌ఫెక్షన్ వల్ల ఒంట్లో అవయవాలే దెబ్బతింటాయి. ఏ క్రిమో తేల్చే కల్చర్‌కీ, ఒంటికి రక్తం సరిగా అందుతోందా చూసే లాక్టేట్ పరీక్షకీ రక్తం తీసి, గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాలి. సీటీ తీస్తారు. అయితే మందొక్కటే చాలదు, కారే చోటు సరిచెయ్యాలి, లేదా గొట్టం వేసి చీము తీసెయ్యాలి.

పెందుర్తి కోడలు:
మా అత్తయ్యకీ ఇలాగే అయితే గ్యాస్ అనుకుని వాము నీళ్లు పట్టాను. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మూడు రోజులు వేశాను. నాలుగో రోజు పొద్దున్న కాళ్లు పట్టుకుంటే మోకాళ్ల దాకా చల్లగా ఉన్నాయి. పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నారు, మలం పోవడానికి పొట్ట మీద సంచి పెట్టారు. బతికారు. ఆ మూడు రోజులూ నేను ఇప్పటికీ మర్చిపోలేదు బాబూ.

గాజువాక అబ్బాయి (రెండు రోజుల తర్వాత):
కుట్టు దగ్గర లీకే. ఆ ఉదయమే మళ్లీ ఆపరేషన్ చేసి కడిగారు, సంచి పెట్టారు. ఇంకా వెంటిలేటర్ మీదే ఉన్నారు, మూత్రం మాత్రం బాగా వస్తోందట. అమ్మకి సంచి సంగతి చెప్పలేదు. వదినా, అది మార్చడం మీరెక్కడ నేర్చుకున్నారు?

పెందుర్తి కోడలు:
వార్డులో నర్సమ్మే చూపించింది. మార్చేటప్పుడు నువ్వు పక్కనే నిలబడు, రెండోసారి నీ చేత్తో చెయ్యి. అమ్మకి ఈలోగా నువ్వే చెప్పు, వార్డులో చూసి తెలుసుకోనివ్వకు.