పట్టిన కుందేలుకు మూడే కాళ్లా? అల్జీమర్స్ పరిశోధనలో అమిలాయిడ్ వాదం

నత్తగుల్ల:
మూడు నెలల్లో నా పీహెచ్‌డీ అయిపోతుంది. పోస్ట్‌డాక్‌కి రెండు ల్యాబ్‌లు రమ్మన్నాయి. ఒకటి మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను పట్టి తొలగించే యాంటీబాడీల మీద పనిచేస్తుంది. రెండోది మైక్రోగ్లియా మీద, అంటే మెదడుకు కాపలా కాసే రోగనిరోధక కణాల మీద. మా గైడ్ అమిలాయిడ్‌కే వెళ్లమంటున్నారు, గ్రాంట్లకు ఢోకా ఉండదట. నాకేమో మనసొప్పడం లేదు.

ఈ రంగం తెలియనివాళ్లకు రెండు ముక్కలు. అల్జీమర్స్ వచ్చిన మెదడులో కణాల బయట అమిలాయిడ్ బీటా గడ్డలు కడుతుంది, కణాల లోపల టావ్ అనే ప్రొటీన్ ఉండలు చుట్టుకుంటుంది. 1906లో అలోయిస్ అల్జీమర్ తన పేషెంట్ ఆగస్టె మెదడును పరీక్షించి చెప్పింది ఈ రెండింటి గురించే. 1992లో జాన్ హార్డీ, జెరాల్డ్ హిగ్గిన్స్ కలిసి అమిలాయిడే మొదలని, మిగతా నష్టమంతా దాని వెనకే వస్తుందని రాశారు. ఆ తర్వాత ఎంతోమంది తమ ఉద్యోగ జీవితమంతా ఆ ఒక్క మాట వెంటే నడిచారు. అమిలాయిడ్ మీద గురిపెట్టిన మందుల్లో బాపినూజుమాబ్ 2012లో ఫెయిలైంది. సొలానెజుమాబ్ 2016లో ఫెయిలైంది. వెరుబెసెస్టాట్ అయితే అమిలాయిడ్ తయారీనే తగ్గించింది. అయినా రోగులు బాగుపడలేదు సరికదా, ఒక ట్రయల్‌లో ఇంకాస్త దిగజారారు. ఇన్నిసార్లు దెబ్బ తిన్నా అదే దారి అంటే పట్టుదల అనాలా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనాలా? నా ఓటు రెండోదానికే. కాదనేవాళ్లు ఒప్పించండి.

పాతల్యాబ్‌కోటు:
ఫెయిలైన మందులన్నీ ఏకరువు పెట్టారు, జన్యువుల సంగతి మాత్రం వదిలేశారు. ఈ వాదం గాల్లోంచి పుట్టలేదండీ. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో 21వ క్రోమోజోమ్ మూడు కాపీలు ఉంటుంది. అమిలాయిడ్‌కు మూలమైన ఏపీపీ జన్యువు దాని మీదే ఉంది. నలభై ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో దాదాపు అందరి మెదళ్లలోనూ ఈ గడ్డలు కనిపిస్తాయి. 1991లో హార్డీ బృందం అదే జన్యువులో మార్పు ఉన్న కుటుంబాన్ని గుర్తించింది. ఆ ఇంట్లో చిన్న వయసులోనే జబ్బు వచ్చేది. 1995లో దొరికిన ప్రెసెనిలిన్ జన్యువులు కూడా అమిలాయిడ్ తయారీలో పాలుపంచుకునేవే. ఇక 2012లో ఐస్‌లాండ్ నుంచి దీనికి తిరగేసిన కథ వచ్చింది. ఏపీపీలోనే ఇంకో మార్పు, దానివల్ల అమిలాయిడ్ తక్కువ తయారవుతుంది, అది ఉన్నవాళ్లకు అల్జీమర్స్ చాలా అరుదు. పెరిగితే జబ్బు, తగ్గితే రక్షణ. ఇంతకన్నా ఏం కావాలి?

లార్స్ లాన్‌ఫెల్ట్ సంగతే చూడండి. స్వీడన్‌లోని ఉప్సలాలో పనిచేసిన ఆయన బృందం 2001లో ఒక కుటుంబంలో 'ఆర్కిటిక్' అనే జన్యు మార్పును బయటపెట్టింది. అందులో విశేషం ఏమిటంటే అమిలాయిడ్ పూర్తిగా గడ్డకట్టకముందు ఉండే దశ, ప్రోటోఫైబ్రిల్స్, ఎక్కువగా తయారవడం. అలాగైతే వాటినే పట్టే యాంటీబాడీ చేద్దామని కూర్చున్నారు. అదే లెకానెమాబ్‌గా మారి 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందింది. ఇరవై రెండేళ్లు! చుట్టూ మిగతావాళ్ల మందులు రాలిపోతుంటే ఆయనా చేతులెత్తేసి ఉంటే?

లెక్కలపంతులు:
ఆ మందు ఎంత పనిచేసిందో కూడా చెప్పాలి కదా సార్. 1,795 మందితో 18 నెలలు నడిపిన ట్రయల్ అది. '27 శాతం నెమ్మదించింది' అని పత్రికలన్నీ రాశాయి. అసలు అంకెలు ఇవీ: ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి డోసు, తీసుకున్నవాళ్లు సగటున 1.66 పాయింట్లు దిగజారారు, మందు తీసుకున్నవాళ్లు 1.21. తేడా 0.45. జబ్బు తీవ్రతను కొలిచే ఈ స్కేలు మొత్తం 18 పాయింట్లు. జ్ఞాపకం, కాలం-చోటు తెలియడం, మంచిచెడ్డల నిర్ణయం, బయటి వ్యవహారాలు, ఇంటి పనులు, సొంత శుభ్రత అని ఆరు అంశాలు, ఒక్కోదానికి 3 దాకా. ఇందులో అతి చిన్న మెట్టు 0.5. అంటే సగటు తేడా ఒక్క అంశంలో ఒక్క మెట్టు కూడా కాదు. దీనికి మూల్యం, మందు తీసుకున్నవాళ్లలో 12.6 శాతం మందికి స్కాన్‌లో మెదడు వాపు. ప్లాసిబోలో అది 1.7 శాతం.

అమ్మకుతోడు:
సైన్స్ మనిషిని కాను. ఆరేళ్లుగా మా అమ్మను చూసుకుంటున్నాను, ఆ అర్హతతో రాస్తున్నా. పంతులుగారూ, మీరు చెప్పిన ఆరింటిలో 'సొంత శుభ్రత' అనే మాట దగ్గర ఆగిపోయాను. అమ్మ తన స్నానం తను చేసుకున్న చివరి రోజు ఏదో నాకు గుర్తు లేదు. అది చివరి రోజని అప్పుడు తెలియదు కదా. దాన్ని ఇంకో ఆరు నెలలు వెనక్కి జరిపే మందు ఉంటే, మీ లెక్కలో సున్నా అయినా నేను అడిగి వేయించేదాన్ని. కానీ మాకు జబ్బు పేరు చెప్పడానికే మూడేళ్లు పట్టింది. మొదట చూపించిన డాక్టరు వయసు మీద పడితే అంతే అని బీ12 మాత్రలిచ్చి పంపారు. ఈ కొత్త మందులేమో మొదటి దశలో ఉన్నవాళ్లకేనట. మాకు ఆ దశ ఆ మాత్రల్లోనే గడిచిపోయింది. ముప్పై ఏళ్లు ఏ ప్రొటీన్ మీద పెట్టారన్నది మీరు మీరు తేల్చుకోండి. తొందరగా గుర్తుపట్టడం మీద ఎంతమంది పెట్టారు?

చురకత్తి:
అసలు ఈ అమిలాయిడ్ అంతా ఫ్రాడ్ అని తేలిపోయిందిగా. ఇంకా చర్చ ఏంటి?

పాతల్యాబ్‌కోటు:
తేలలేదు బాబూ. మీరు చెప్పేది 2006లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పేపర్ గురించి. అమిలాయిడ్‌లో ఒక ప్రత్యేక రూపం ఎలుకల్లో మతిమరుపు తెస్తుందని అందులో రాశారు. బొమ్మలు మార్చిన ఆనవాళ్లు 2022లో బయటపడ్డాయి, 2024లో పేపర్ వెనక్కి తీసుకున్నారు. సిగ్గుపడాల్సిన విషయమే, కాదనను. కానీ నేను పైన రాసిన జన్యువుల సాక్ష్యంలో ఒక్కటీ దాని మీద ఆధారపడలేదు. ఇవన్నీ అంతకుముందువి, లేదా వేరే దేశాల్లో వేరేవాళ్లు చేసినవి.

నత్తగుల్ల:
జన్యువుల సంగతి ఒప్పుకుంటాను. అయితే దాన్నుంచి 'గడ్డలు తీసేస్తే జబ్బు తగ్గుతుంది' అన్నది ఎలా వచ్చింది? అమిలాయిడ్ మీద గురిపెట్టిన ఏఎన్-1792 అనే టీకాను చూడండి. మెదడు వాపు రావడంతో 2002లో ఆపేశారు. ఆ టీకా తీసుకున్నవాళ్లు చనిపోయాక మెదళ్లు పరీక్షించి 2008లో ఫలితాలు వేశారు. కొందరిలో గడ్డలు దాదాపు పూర్తిగా పోయాయి. అయినా వాళ్లు డిమెన్షియా చివరి దశకు చేరే చనిపోయారు.

పాతల్యాబ్‌కోటు:
చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అది. లక్షణాలు కనిపించడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే అమిలాయిడ్ చేరడం మొదలవుతుంది. మందు అప్పుడు వేయాలి.

కొండదారి:
వేసి చూశారు కూడా. నాడీ వైద్యుడు ఫ్రాన్సిస్కో లొపేరా పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేంటా అని చూస్తున్నా. కొలంబియాలో అంతియోకియా కొండ ప్రాంతంలో కొన్ని కుటుంబాల్లో నలభైల్లోనే మతి తప్పేది. ఈయన 1980ల నుంచి ఇల్లిల్లూ తిరిగి వంశవృక్షం గీశారు. హింస, కిడ్నాపులు నడుస్తున్న రోజులవి. చివరికి అది ప్రెసెనిలిన్ జన్యువులో ఒక్క మార్పు వల్ల అని తేలింది. ఎవరికి జబ్బు వస్తుందో ముందే తెలుసు, ఏ వయసులో వస్తుందో కూడా ఇంచుమించు తెలుసు. పాతల్యాబ్‌కోటు గారు చెప్పిన పరీక్షకు ఇంతకన్నా అనువైన చోటు ప్రపంచంలో ఉండదు. 252 మందితో ఏళ్లపాటు క్రెనెజుమాబ్ అనే అమిలాయిడ్ యాంటీబాడీ ట్రయల్ నడిపారు. 2022లో ఫలితం వచ్చింది. చెప్పుకోదగ్గ మేలు లేదు.

కానీ అదే ఊళ్లలో, ఆ మార్పు ఉండి కూడా డెబ్భైల దాకా మతి చెదరని ఒక స్త్రీ కనిపించింది. మెదడు నిండా అమిలాయిడ్, టావ్ మాత్రం తక్కువ. ఆమెకు అపోఈ అనే ఇంకో జన్యువులో 'క్రైస్ట్‌చర్చ్' అనే అరుదైన మార్పు రెండు కాపీలు ఉంది. 2019లో ఆ వివరాలు అచ్చయ్యాక రంగమంతా అటు తిరిగి చూసింది. లొపేరా 2024లో పోయారు. ట్రయల్ ఫెయిలైంది కాబట్టి ఆయన నలభై ఏళ్లూ వృథా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆయన నమ్ముకున్నది అమిలాయిడ్‌ను కాదు, ఆ కుటుంబాలను. వాళ్లను వదలకుండా ఉన్నాడు కాబట్టే ఆమె దొరికింది.

పాతల్యాబ్‌కోటు:
క్రెనెజుమాబ్ గడ్డల్ని పెద్దగా తీయలేదన్నది కూడా రాయండి. పని చేయని చీపురుతో ఊడ్చి, ఊడ్చినా దుమ్ము పోదంటే ఎలా?

గోడమీదపిల్లి:
ఎవరూ ఊహను వదలరు, అది అమిలాయిడ్ వాళ్ల రోగమే కాదు. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో ఆలెన్ రోజెస్ బృందం 1993లో అపోఈ జన్యువులో ఒక రకమైన అపోఈ4కీ అల్జీమర్స్‌కీ ఉన్న సంబంధం కనిపెట్టింది. అప్పటి నుంచి ఆయన అమిలాయిడ్ వాదంతో తగువు పడుతూనే ఉన్నారు. చివర్లో ఆయనా తాను కట్టిన జన్యువుల లెక్కను నమ్ముకుని పెద్ద ట్రయల్ మొదలుపెట్టించారు. ఆయన పోయాక 2018లో దాన్నీ ఫలితం రాదని ఆపేశారు. రూత్ ఇట్జాకీ 1991 నుంచి అల్జీమర్స్‌కు కారణం హెర్పిస్ వైరస్ అంటూ వచ్చారు, చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. హెర్పిస్ కుటుంబంలోదే ఇంకో వైరస్ తెచ్చే షింగిల్స్‌కు వేల్స్‌లో టీకా వేసుకున్నవాళ్లలో డిమెన్షియా సుమారు ఐదో వంతు తక్కువని 2025లో నేచర్‌లో వచ్చేసరికి ఆమె మాటకు బలం వచ్చింది. అదే ఏడు, హెర్పిస్ మందు వాలసైక్లోవిర్‌ను అల్జీమర్స్ రోగులకిచ్చి చూస్తే మేలు కనిపించలేదు. ఒప్పో తప్పో తేలడానికి ఒక జీవితం చాలదు. అందుకే డబ్బంతా ఒకే గంపలో పోసినవాళ్ల మీద నా కోపం, ఒకే ఊహను పట్టుకున్న మనిషి మీద కాదు.

నత్తగుల్ల:
అందరికీ థాంక్స్. మైక్రోగ్లియా ల్యాబ్‌కే సరేనని మెయిల్ పెట్టేశాను. కుందేలు మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా. లొపేరా కథ చదివాక ఆ మాట అనబుద్ధి కావడం లేదు.

పాతల్యాబ్‌కోటు:
శుభం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, యాంటీబాడీ అంటుకున్న అమిలాయిడ్‌ను మింగేది ఆ మైక్రోగ్లియానే. మళ్లీ మా ఇంటికే వచ్చారు, పెరటి గుమ్మంలోంచి.

లెక్కలపంతులు:
మైక్రోగ్లియా మీద ఉండే ట్రెమ్2 అనే ప్రొటీన్ ద్వారా వాటిని ఉసిగొల్పే యాంటీబాడీ ఏఎల్002 కూడా 2024లో ఫెయిలైంది. చెప్పలేదంటారని.

నత్తగుల్ల:
తెలుసండీ. ఇంటర్వ్యూలో వాళ్లు నన్ను మొదట అడిగింది అదెందుకు ఫెయిలైందనే.