ఇతరుల ఫోను నంబర్లను యాప్‌కు అప్పగించే హక్కు మనకుందా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభం):

కొత్త యాప్ తెరవగానే కాంటాక్టుల జాబితా చూడడానికి అది అనుమతి అడుగుతుంది, మనం ‘అలో’ నొక్కి ముందుకు సాగిపోతాం. గోప్యత గురించి రాసేవారు చాలామంది ఈ అనుమతిని కెమెరా, మైకు, లొకేషన్ అనుమతులతో కలిపి ఒకే గాటన కట్టేస్తారు. ఇది వాటి కోవలోకి రాదని నా అభిప్రాయం. లొకేషన్ ఇస్తే బయటపడేది నేను ఎక్కడున్నానన్న సంగతి. కాంటాక్టులు ఇస్తే బయటపడేవి మా అమ్మాయి టీచరు, నేను చూపించుకునే వైద్యుడు, ఎప్పుడో ఒకసారి అద్దె ఇల్లు చూపించిన బ్రోకరు, ఊళ్లో ఉన్న పెదనాన్న వంటివారి పేర్లూ నంబర్లూ. వారిలో ఏ ఒక్కరినీ యాప్ అడగలేదు, నేనూ అడగలేదు.

దీనివల్ల జరిగే హాని ఊహాజనితం కాదని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2020 చివరిలో హైదరాబాదులోనూ చుట్టుపక్కలా తక్షణ రుణాల యాప్‌ల ఆగడాలు బయటపడినప్పుడు, బాకీ వసూలుకు ఆ ముఠాలు వాడిన ప్రధాన ఆయుధం కాంటాక్టుల జాబితాయే. నిమిషాల్లో కొన్ని వేల రూపాయలు చేతికిచ్చేముందు జాబితా మొత్తం లాగేసుకునేవారు, గడువు దాటగానే బంధువులకూ సహోద్యోగులకూ ఫోన్లు చేసి, ఫలానా మనిషి దొంగ అంటూ మార్చిన ఫొటోలు పంపేవారు. ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. ఆ డిసెంబరులోనే రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరిస్తూ ప్రకటన ఇచ్చింది. ఇక్కడ గమనించవలసినది, వేధింపు ఫోన్లు అందుకున్నవారిలో అత్యధికులు ఆ యాప్ పేరైనా వినలేదు. వారి నంబరు ఇంకొకరి ఫోనులో ఉండడమే వారు చేసుకున్న పాపం.

అందుచేత నా ప్రతిపాదన ఇది. జాబితా మొత్తాన్ని ఒక్క నొక్కుతో యాప్‌కు అప్పగించే అనుమతిని చట్టమే తొలగించాలి. ఏ నంబరు అవసరమో దాన్ని మాత్రమే వినియోగదారుడు ఎంచి ఇచ్చే పద్ధతి ఉండాలి. సభ్యులు ఏమంటారు?

గుంటూరు వ్యాపారి:

కృష్ణాతీరం గారి ఆవేదన న్యాయమైనదే, కానీ ప్రతిపాదన మాత్రం రోగానికి మించిన మందు. నా వ్యాపారానికి రోజూ తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తుంటాయి. వాటిలో కొన్ని నిజమైన బేరాలు, కొన్ని పార్సిల్ పేరుతోనో కేవైసీ పేరుతోనో డబ్బు కాజేసే మోసాలు. ఫోను చేసేవారి పేరు చూపించే కాలర్ ఐడీ యాప్ ఉండబట్టే మా నాన్నగారు, డెబ్బై దాటిన మనిషి, ఎర్ర రంగు హెచ్చరిక చూసి ఫోను ఎత్తకుండా ఉంటున్నారు. వేలమంది తమకు తెలిసిన సమాచారం ఇవ్వడం వల్లనే ఆ హెచ్చరిక సాధ్యమైంది. మీరు చెప్పిన నిషేధం వస్తే మొదట నష్టపోయేది ఆయనలాంటి వృద్ధులే.

ఇంకొక మాట. ఫోను నంబరు రహస్యం ఎప్పుడయింది? టెలిఫోన్ డైరెక్టరీ రోజుల్లో ఊరందరి పేర్లూ చిరునామాలూ నంబర్లూ అచ్చువేసి ఇంటింటికీ ఇచ్చేవారు, గోప్యత పోయిందని ఎవరూ గోల చేయలేదు. నంబరు నలుగురికీ తెలియడానికే కదా ఉన్నది.

విశాఖ పాఠకురాలు:

డైరెక్టరీతో పోల్చడం సరికాదు. అందులో అచ్చయ్యేది చందాదారు తానుగా ఇచ్చిన పేరు. వద్దనుకుంటే తన పేరు వేయవద్దని కోరే వీలూ ఉండేది. కాంటాక్టుల జాబితాలో ఉండేది మన గురించి ఇతరులు రాసుకున్న పేరు. మనుషులు తమ ఫోన్లలో పేర్లు ఎలా రాసుకుంటారో అందరికీ తెలుసు. పేరు పక్కన కులం, పనిచేసే చోటు, ‘డైవోర్సు కేసు’, ‘డయాలసిస్’, ‘మూడో వీధి అప్పు’ అని రాసుకునేవారు ఎందరో. సొంత ఫోనులో అది గుర్తు మాత్రమే. అదే ఒక కంపెనీ సర్వరుకు చేరి, వేలమంది రాసుకున్న గుర్తులతో కలిస్తే, ఆ మనిషి జీవితమంతా ఒకచోట పేర్చినట్లవుతుంది.

అయినా గుంటూరు వ్యాపారి గారి మొదటి మాటను నేను తోసిపుచ్చలేను. తెలియని నంబరు నుంచి అర్ధరాత్రి వచ్చే ఫోన్లు ఆడవాళ్లకు కొత్త కాదు, అవతల ఎవరో తెలియడం మాకు రక్షణే. అయితే ఆ అవసరం రెండువైపులా ఉంటుంది. నేను ఒక ఆటో డ్రైవరుకో కొరియరు అబ్బాయికో ఫోను చేస్తే నా పూర్తి పేరు వారి తెరపై కనిపిస్తుంది. ఆ పేరుతో వెతికి సోషల్ మీడియాలో మెసేజిలు పంపినవారు ఉన్నారని నా స్నేహితురాళ్లు చెబుతుంటారు. నేను ఏ కాలర్ ఐడీ యాప్‌లోనూ చేరలేదు. ట్రూకాలర్ తన వెబ్‌సైటులో నంబరును జాబితా నుంచి తొలగించుకునే వెసులుబాటు ఇచ్చిన మాట వాస్తవమే. కానీ నేనెప్పుడూ చేరని చోటి నుంచి తొలగించమని నేనే వెళ్లి అడగవలసి రావడం, అందుకోసం మళ్లీ నా నంబరునే టైపు చేయవలసి రావడం ఏ న్యాయమో నాకు అర్థం కాదు.

ఓరుగల్లు వకీలు:

చట్టం సంగతి స్పష్టపరచడం అవసరం, ఎందుకంటే ఇద్దరు సభ్యులు నాకు విడిగా ఒకే ప్రశ్న పంపారు: “కాంటాక్టులు అప్పగించినందుకు నా మీద కేసు పెట్టవచ్చా?” పెట్టలేరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి వర్తించదు. బాధ్యత ఆ జాబితాను తీసుకుని వాడుకునే కంపెనీది.

అదే చట్టంలో ఆరవ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణ ఈ చర్చకు అతికినట్లు సరిపోతుంది. ఒకామె ఫోనులో వైద్యం అందించే యాప్‌ను దించుకుంటుంది. వైద్య సేవకు కావలసిన వివరాలతో పాటు కాంటాక్టుల జాబితాకు కూడా యాప్ అనుమతి అడుగుతుంది, ఆమె రెండింటికీ ఒప్పుకుంటుంది. వైద్యసేవకు ఆ జాబితా అవసరం లేదు గనుక, ఆమె ఒప్పుకున్నప్పటికీ, ఆ సమ్మతి వైద్యసేవకు కావలసిన వివరాల వరకే చెల్లుతుందని చట్టం చెబుతోంది. అంటే ‘అలో’ నొక్కారు కాబట్టి అంతా మాదే అనే వాదనను పార్లమెంటు ఉదాహరణతో సహా తిరస్కరించింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన తరువాత, చట్టం ఈ దారి పట్టడం సహజం.

అయితే కృష్ణాతీరం గారు ఆశించినంత దూరం ఈ చట్టం వెళ్లలేదు. ఆ ఉదాహరణ కూడా యాప్ వాడే మహిళ సమ్మతి గురించే మాట్లాడుతుంది, ఆమె జాబితాలో ఉన్న వందలమంది గురించి నేరుగా ఏమీ చెప్పదు. పైగా నియమాలు 2025 నవంబరులో వెలువడినా, కంపెనీలపై ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి ఆ తరువాత 18 నెలల గడువు ఇచ్చారు. అప్పటిదాకా గట్టిగా పనిచేస్తున్నది ఒక్క అప్పుల రంగంలోని నిషేధమే. 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు ఇచ్చిన డిజిటల్ రుణాల మార్గదర్శకాలు కాంటాక్టుల జాబితా, కాల్ వివరాలు, ఫోనులోని ఫైళ్ల జోలికి రుణ యాప్‌లు వెళ్లకూడదని చెప్పాయి. కెమెరా, మైకు, లొకేషన్ వంటివాటిని ఖాతా తెరిచేటప్పుడు ఒక్కసారి, అదీ స్పష్టమైన సమ్మతితోనే వాడాలన్నాయి. 2023లో గూగుల్ కూడా తన ప్లే స్టోరులోని వ్యక్తిగత రుణ యాప్‌లకు కాంటాక్టులూ ఫొటోలూ చూసే అనుమతిని మూసేసింది. అక్రమ యాప్‌లు ఇంకా ఉన్నాయి, కానీ ఈ నిషేధాల వల్ల న్యాయంగా అప్పులిచ్చే వ్యాపారం ఆగిపోలేదు. మొత్తం జాబితా లేకపోతే సేవలు నడవవనే వాదానికి ఇది గట్టి సమాధానం.

డల్లాస్ తెలుగువాడు:

నేను మొబైల్ యాప్‌లు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నాను, కాబట్టి లోపలి పని చెప్పగలను. కంపెనీలు తరచుగా ఇచ్చే హామీ, నంబర్లను యథాతథంగా కాకుండా గణితపరంగా గుర్తుపట్టలేని రూపంలోకి మార్చి పంపుతున్నామని. సాంకేతికంగా దాన్ని హాష్ చేయడం అంటారు. నంబర్ల విషయంలో ఈ రక్షణ చాలా బలహీనం. భారతీయ మొబైలు నంబరుకు 10 అంకెలు, మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. అంటే ఉండగల నంబర్లన్నీ కలిపి 400 కోట్లు మాత్రమే. సాధారణ హాష్ అయితే వాటన్నిటికీ ఒక మామూలు కంప్యూటరు కొద్ది సమయంలోనే లెక్కకట్టి, ఏ హాష్ ఏ నంబరుదో పట్టికగా రాసి పెట్టుకోగలదు. 2021 సెప్టెంబరులో ఐర్లండు డేటా రక్షణ సంస్థ వాట్సాప్‌కు 22.5 కోట్ల యూరోల జరిమానా విధించినప్పుడు పరిశీలనకు వచ్చిన అంశాలలో ఇదీ ఒకటి. వాట్సాప్ వాడనివారి నంబర్లను ఇతరుల ఫోన్ల నుంచి తీసుకుని, మార్చిన రూపంలో దాచినా, అది వ్యక్తిగత సమాచారమేనని ఐరోపా డేటా రక్షణ మండలి తేల్చింది.

జాబితా ద్వారా పరిచయస్తులను వెతికే సౌకర్యానికి మరో ముప్పు కూడా ఉంది. దొంగ తన ఫోనులో కల్పిత నంబర్లు నింపుకుని, వీరిలో ఎవరు మీ దగ్గరున్నారని యాప్‌నే అడగవచ్చు. ఫేస్‌బుక్‌లో ఈ దారినే వాడి 53 కోట్ల మందికి పైగా వివరాలు పోగేశారు, అవి 2021లో బహిరంగంగా బయటపడ్డాయి. 2025 నవంబరులో వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు వాట్సాప్‌లో ఇదే పద్ధతిన సుమారు 350 కోట్ల ఖాతాలను గుర్తించగలిగామని ప్రకటించారు.

ప్రత్యామ్నాయం లేకపోలేదు. ఆండ్రాయిడ్‌లో ఎన్నో ఏళ్లుగా ఒక్క కాంటాక్టును మాత్రమే ఎంచి యాప్‌కు ఇచ్చే ఏర్పాటు ఉంది. దానికి మొత్తం జాబితా అనుమతే అక్కరలేదు, వాడేవాళ్లు తక్కువ అంతే. ఐఫోనులో 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి, ఎంచుకున్న కొన్ని నంబర్లను మాత్రమే యాప్‌కు చూపించే వీలుంది. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ అదే ఏడాది నంబరు బయటపెట్టకుండా యూజర్‌నేమ్‌తో పరిచయం చేసుకునే పద్ధతి తెచ్చింది. యూపీఐ యాప్‌లో డబ్బు పంపడానికి కాంటాక్టులు తప్పనిసరి అనుకునేవారు చాలామంది ఉన్నారు, క్యూఆర్ స్కాన్ చేసినా నంబరు టైపు చేసినా పని జరుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగంలోకి వెళ్లి, పర్మిషన్ మేనేజరు కింద కాంటాక్టులు తెరిస్తే, ఏయే యాప్‌ల చేతిలో మీ జాబితా ఉందో ఒకచోట కనిపిస్తుంది. అక్కడ టార్చిలైటు, క్యాలెండరు, గేముల పేర్లు కనిపిస్తే వెంటనే అనుమతి తీసేయండి. అయితే ఒకసారి సర్వరుకు వెళ్లిన జాబితా దీనితో వెనక్కి రాదని గుర్తుంచుకోవాలి.

కృష్ణాతీరం:

డల్లాస్ తెలుగువాడు గారు చెప్పిన చివరి వాక్యమే నేను నిషేధం కోరడానికి అసలు కారణం. కెమెరా అనుమతి తీసేస్తే ఆ క్షణం నుంచి కెమెరా ఆగుతుంది. కాంటాక్టుల విషయంలో నష్టం మొదటి నొక్కుతోనే పూర్తవుతుంది.

గుంటూరు వ్యాపారి గారి నాన్నగారి రక్షణ నాకూ ముఖ్యమే. కానీ ఆ రక్షణకు ఏమి కావాలో విడదీసి చూద్దాం. మోసపు నంబరును పట్టుకోవడానికి ఆ నంబరు మీద వచ్చిన ఫిర్యాదులు కావాలి. లక్షలమంది మంచివాళ్ల పేర్లు అందుకు అక్కరలేదు. ‘ఈ నంబరు మోసపూరితమని అనేకులు ఫిర్యాదు చేశారు’ అన్న హెచ్చరిక చాలు. ఆ పని ఎవరి కాంటాక్టుల జాబితానూ ముట్టుకోకుండా చేయవచ్చు. కాబట్టి ఫిర్యాదులు సేకరించే యాప్‌లు ఉండనివ్వండి, పరిచయస్తుల పేర్లు సేకరించే యాప్‌లను మాత్రమే నేను వ్యతిరేకిస్తున్నాను.

గుంటూరు వ్యాపారి:

ఈ విభజన బాగుంది, మోసాల వరకు నేను ఒప్పుకుంటాను. కానీ నాకు మోసగాళ్లు ఎవరో తెలిస్తే చాలదు, బేరానికి ఫోను చేసినవారు ఎవరో కూడా తెలియాలి. సరుకు అప్పుగా పంపించమని ఫోనులో అడిగే మనిషి పేరు తెలుసుకునే హక్కు నాకు లేదంటారా? దానికి సరైన పరిష్కారం ప్రభుత్వమే చేయడం. ఫోను చేసినవారి పేరును నెట్‌వర్కే చూపించే విధానాన్ని 2024 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. సిమ్ తీసుకునేటప్పుడు దరఖాస్తులో ఇచ్చిన పేరే తెరపైకి వస్తుంది. అందులో ఎవరి కాంటాక్టుల జాబితా ప్రమేయమూ లేదు, ఎవరో పెట్టిన మారుపేర్లూ ఉండవు. మీ అభ్యంతరాలన్నీ తీరిపోతాయి కదా?

విశాఖ పాఠకురాలు:

కొన్ని తీరుతాయి, నాది తీరదు. నేను ఎవరికి ఫోను చేసినా నా పేరు వారికి తెలియడం యాప్‌తో జరిగినా నెట్‌వర్కుతో జరిగినా నాకు ఒకటే. నంబరు దాచుకునే సౌకర్యం తీసుకున్నవారి పేరు చూపించరాదని ఆ సిఫారసులోనే ఉంది, కానీ మామూలు చందాదారులలో ఎందరికి ఆ సౌకర్యం దొరుకుతుంది? ఇక మా వీధిలోనే చూస్తే, సగం ఇళ్లలో ఆడవాళ్ల సిమ్ భర్త పేరునో తండ్రి పేరునో ఉంది. అలాంటి ఇంటి నుంచి ఒక అమ్మాయి ఫోను చేస్తే మీ తెరపై వాళ్ల నాన్న పేరు వస్తుంది. మీకు తెలియవలసినదీ తెలియదు, ఆమె చెప్పదలచుకోనిదీ దాగదు. పేరు చూపించే ముందు ఫోను చేసే మనిషిని ఒక మాట అడిగే ఏర్పాటు ఉంటే తప్ప, ఆ పద్ధతికి నేను మద్దతు ఇవ్వలేను.

ఓరుగల్లు వకీలు:

ఆ ఏర్పాటు కోరవలసిన చోటు టెలికాం శాఖ. యాప్‌ల విషయంలో మాత్రం, 2023 చట్టం కింద ఫిర్యాదులు విచారించే డేటా రక్షణ మండలి పూర్తిస్థాయిలో పని మొదలుపెట్టాక, యాప్ వాడని మనిషి తన నంబరు కోసం చేసే మొదటి ఫిర్యాదును అది ఎలా తీసుకుంటుందన్న దాని మీదే కృష్ణాతీరం గారి ప్రశ్నకు జవాబు ఆధారపడి ఉంది. అలాంటి ఫిర్యాదు వేయదలచిన సభ్యులు ఉంటే, ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాసి, జవాబు భద్రపరచుకోండి. మొదట అక్కడికే వెళ్లాలని చట్టం చెబుతోంది, ఆ ఉత్తరం లేకుండా మండలి దగ్గరికి వెళితే ఫిర్యాదు నిలవదు. ముసాయిదా రాయడంలో నేను సాయం చేస్తాను.