పెళ్ళి వీడియో తలంబ్రాల దగ్గర గళ్ళు గళ్ళుగా పగిలిపోతోంది, ఎక్కడ తప్పు చేశాను?

బ్రాడీపేట తమ్ముడు:
అందరికీ నమస్కారం. మా అక్క పెళ్ళి 2012లో గుంటూరులోనే అయింది. స్టూడియోవాళ్ళు ఇచ్చిన డీవీడీలు గీతలు పడి ఇప్పుడు ఆడట్లేదు. కానీ మా మావయ్య అప్పట్లో కొత్తగా కొన్న హెచ్‌డీ హ్యాండీక్యామ్‌ని ట్రైపాడ్ మీద పెట్టి, జీలకర్ర బెల్లం ముందు నుంచి గంటన్నర సేపు ఆపకుండా వదిలేశారు. మొన్న బీరువా సర్దుతుంటే ఆ మెమరీ కార్డు దొరికింది. అందులో 6 ఎంటీఎస్ ఫైళ్ళు (ఆ కెమెరా రాసే వీడియో ఫైళ్ళు) ఉన్నాయి. మొదటి 5 ఒక్కోటి 2 జీబీ, ఆరోది అందులో సగం కూడా లేదు.

ఒక ఫ్రీ కన్వర్టర్ దించుకుని ఒక్కొక్కదాన్నీ ఎంపీ4 చేశాను. తర్వాత అందులోనే ఆరింటినీ అతికించాను. 1.4 జీబీ ఫైల్ వచ్చింది. టీవీలో పెట్టి చూస్తే ఏడుపొచ్చింది. అక్క చెయ్యి కదిపినప్పుడల్లా పట్టుచీర జరీ అంచు దువ్వెన పళ్ళలా విడిపోతోంది. తలంబ్రాలు పోసుకునే చోట బొమ్మంతా గళ్ళు. చివరికొచ్చేసరికి డోలు మీద కర్ర పడ్డాక కాస్త ఆగి చప్పుడు వినిపిస్తోంది. అక్కావాళ్ళు వచ్చే వారం అమెరికా నుంచి వస్తున్నారు, టీవీలో చూపించి ఒక కాపీ ఇచ్చి పంపాలని నా ప్లాన్. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా దారి చూపించండి.

తెనాలి టర్బో:
హెచ్‌ఈవీసీ అని కొత్త రకం కంప్రెషన్ ఉంది, అది పెట్టి 4కే చేసెయ్ బ్రో. గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలా ఫాస్ట్‌గా అయిపోద్ది. బొమ్మ కూడా షార్ప్‌గా వస్తుంది.

పటమట అక్క:
కెమెరా పట్టని వివరం 4కే చేస్తే ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది? నీళ్ళ మజ్జిగని పెద్ద చెంబులో పోస్తే చిక్కబడదు. పైగా ఆ దువ్వెన పళ్ళతోనే సైజు పెంచితే గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ఆ తర్వాత విడదీయడం ఎవరి వల్లా కాదు.

తమ్ముడూ, ముందు మీడియాఇన్ఫో అనే చిన్న సాఫ్ట్‌వేర్ పెట్టుకో, ఉచితమే. ఒరిజినల్ ఎంటీఎస్ ఒకటి, నువ్వు మార్చిన ఎంపీ4 ఒకటి అందులో తెరువు. స్కాన్ టైప్, ఫ్రేమ్ రేట్, బిట్ రేట్, ఆడియో ఫార్మాట్ ఏమున్నాయో ఇక్కడ రాయి. డ్యూరేషన్ వీడియోకి వేరేగా, ఆడియోకి వేరేగా చూపిస్తుంది, ఆ రెండూ కూడా రాయి. అవి తెలియకుండా సలహాలు చెబితే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

బ్రాడీపేట తమ్ముడు:
చూశానక్కా. ఒరిజినల్: ఏవీసీ, 1920 బై 1080, ఇంటర్‌లేస్డ్, 25 ఫ్రేములు, సుమారు 17 ఎంబీపీఎస్, ఆడియో ఏసీ3. నేను మార్చింది: ప్రోగ్రెసివ్, 30 ఫ్రేములు, 2 ఎంబీపీఎస్, ఆడియో ఏఏసీ. అతికించిన ఫైల్లో వీడియో కంటే ఆడియో దాదాపు ఒక సెకను ఎక్కువ ఉంది.

గవర్నర్‌పేట ఎడిటర్:
తమ్ముడూ, నీ జబ్బులన్నీ ఆ రెండు వరుసల్లోనే ఉన్నాయి. బెజవాడలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి చేసి కళ్ళజోడు నంబరు పెరిగినవాణ్ణి, ఇలాంటివి వారానికొకటి నా టేబుల్ మీదికొస్తాయి.

ముందు జరీ అంచు సంగతి. మీ మావయ్య కెమెరా సెకనుకి 25 పూర్తి బొమ్మలు తీయలేదు, 50 సగం బొమ్మలు తీసింది. ఒక సగంలో సరి గీతలు, ఇంకో సగంలో బేసి గీతలు. రెండింటికీ మధ్య సెకనులో 50వ వంతు తేడా. కదలని మండపం స్తంభానికి ఆ తేడాతో పనిలేదు, రెండు సగాలూ అతికినట్టు కూర్చుంటాయి. అదే మీ అక్క చెయ్యి అయితే ఆ కాస్త టైములోనే అంగుళమో రెండంగుళాలో జరుగుతుంది. రెండు సగాలనీ ఒకే బొమ్మగా కుట్టేస్తే దువ్వెన కాక ఇంకేమొస్తుంది? నీ కన్వర్టర్ అదే చేసింది. అంతటితో ఊరుకోకుండా దాని మీద ప్రోగ్రెసివ్, అంటే అన్నీ పూర్తి బొమ్మలే అని ముద్ర కూడా వేసింది. ఇంటర్‌లేస్డ్ అన్న ముద్ర ఉండి ఉంటే టీవీయే ఆ సగాలను విడదీసి సాపు చేసి చూపించేది. ముద్ర చూసి టీవీ నమ్మేసింది.

25ని 30 చేయడం ఇంకో తప్పు. లేని 5 ఫ్రేములు ఎక్కణ్ణుంచి తెస్తుంది? ప్రతి ఐదో ఫ్రేమునీ రెండుసార్లు చూపిస్తుంది. అక్షింతలు వేయడానికి జనం నడిచొస్తుంటే చిన్న చిన్న కుదుపులు కనిపిస్తాయి, గమనించు. మన కెమెరాలు 25 లేదా 50. అమెరికాకి పంపినా సరే, దాన్ని 30 చెయ్యకు.

తలంబ్రాల గళ్ళు బిట్ రేట్‌ని, అంటే సెకనుకి వాడే డేటాని, 17 నుంచి 2కి దించినందుకు. ఎన్‌కోడర్, అంటే వీడియోని కుదించి రాసే సాఫ్ట్‌వేర్, బొమ్మని మొత్తంగా ప్రతిసారీ రాయదు. ఇంతకు ముందు ఫ్రేములో ఉన్నదే, ఇటు జరిగింది అని రాసుకుని చోటు మిగుల్చుకుంటుంది. మంత్రాలు చదివినంతసేపూ వెనక పూలతెర కదలదు కాబట్టి 2 ఎంబీపీఎస్‌తోనే బండి నడిచిపోతుంది. తలంబ్రాలు మొదలయ్యాయనుకో, వందల గింజలు, ఒక్కోటి ఒక్కో దిక్కుకి ఎగురుతుంది, దేనికీ ముందు ఫ్రేములో ఆనవాలు లేదు. ఉన్న కాస్త బిట్లూ చాలక ఎన్‌కోడర్ చేతులెత్తేస్తుంది. అవే నువ్వు చూసే గళ్ళు. నా దగ్గర ఏ సెట్టింగ్ అయినా ముందు తలంబ్రాల మీదే పరీక్షిస్తాను, అక్కడ నిలిస్తే మిగతా పెళ్ళంతా నిలిచినట్టే.

ఇక డోలు. ఒక్కటి చెప్పు: ఆ తేడా మెల్లమెల్లగా పెరుగుతోందా, లేక 17 నిమిషాల దగ్గర కొంచెం, 34 దగ్గర ఇంకొంచెం, ఇలా మెట్లుమెట్లుగా పెరుగుతోందా?

బ్రాడీపేట తమ్ముడు:
మెట్లే అన్నా! 16 నిమిషాల దాకా బ్రహ్మాండంగా ఉంది. 17 దగ్గర టప్‌మని చిన్న చప్పుడు, అక్కణ్ణుంచి తేడా మొదలు. మీరు ఫైల్ చూడకుండానే ఎలా చెప్పారు?

గవర్నర్‌పేట ఎడిటర్:
17 ఎంబీపీఎస్‌తో 2 జీబీ నిండటానికి పట్టే టైము అదే. రికార్డింగ్ ఆపకపోయినా ఆ కెమెరాలు 2 జీబీ దగ్గర ఫైలు తెంపి కొత్తది మొదలుపెడతాయి. అవి 6 వీడియోలు కావు, ఒకే వీడియో 6 ముక్కలు. నువ్వు ఏ ముక్కకి ఆ ముక్క విడిగా మార్చినప్పుడు ప్రతి ముక్కలోనూ ఆడియో వీడియో కంటే పిసరంత పొడుగొచ్చింది. అతికిస్తే బొమ్మ బొమ్మ వెనక, శబ్దం శబ్దం వెనక చేరాయి. అతుకు అతుక్కీ ఆ పిసరు కూడుతూ పోయింది. ముందు అతికించి తర్వాత మార్చాలి, నువ్వు తలకిందులుగా చేశావు.

లబ్బీపేట నుంచి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది ఫోన్‌లో తీసిన గంట ప్రోగ్రామ్. ఎడిటింగ్‌లోకి తెస్తే నా శబ్దం మెట్లు కాదు, మెల్లమెల్లగానే జారుతోంది.

గవర్నర్‌పేట ఎడిటర్:
మీది వేరే జబ్బు. ఫోన్లు వెలుతురును బట్టి, వేడిని బట్టి ఫ్రేమ్ రేట్ మారుస్తుంటాయి. మీడియాఇన్ఫోలో వేరియబుల్ అని కనిపిస్తుంది. ఎడిటింగ్‌కి ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని ఒకసారి మార్చుకోండి, శబ్దం దారికొస్తుంది.

తమ్ముడూ, నీ పని. ఆరు ఎంటీఎస్‌లనూ ఒక ఫోల్డర్‌లో పెట్టు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ కమాండ్, దాని పక్కన స్లాష్ బి, ఆ తర్వాత ఫైళ్ళ పేర్లు వరుసగా, మధ్యలో ప్లస్ గుర్తు, చివర కొత్త ఫైలు పేరు. పేర్లు సున్నాల నుంచి ఒకటొకటిగా పెరుగుతూ ఉంటాయి, ఆ వరుస తప్పకు. ఇక్కడ మార్చేదేమీ లేదు, ఒకదాని వెనక ఒకటి పెడుతున్నాం అంతే, కాబట్టి నాణ్యత వెంట్రుకవాసి కూడా తగ్గదు. కెమెరా తానే తెంపిన ముక్కలకే ఈ పద్ధతి. విడివిడిగా తీసిన క్లిప్పులకీ ఎంపీ4లకీ పనికిరాదు.

11 జీబీకి దగ్గరగా ఒకే ఫైలు వస్తుంది. దాన్ని హార్డ్ డిస్క్‌లో వేసి నేరుగా టీవీకి పెట్టి చూడు. చాలా టీవీలు ఎంటీఎస్‌ని అలాగే ఆడిస్తాయి. ఆడితే నీ టీవీ పని అక్కడితో అయిపోయింది, మార్చనే అక్కర్లేదు! ఎంపీ4 అంటేనే వీడియో అని జనానికి ఒక భ్రమ. అది డబ్బా పేరు. లోపలి సరుకు ఒరిజినల్లో కూడా హెచ్264యే (ఏవీసీ అన్నా అదే), సరుకును విప్పి మళ్ళీ దంచిన ప్రతిసారీ కొంత పొట్టు ఎగిరిపోతుంది.

పటమట అక్క:
తమ్ముడు వాళ్ళక్కకిచ్చే కాపీకి మాత్రం మార్చాలిగా. ఫోన్లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఆడాలి, 11 జీబీ మోయలేదు.

గవర్నర్‌పేట ఎడిటర్:
అవును. అతికించిన ఫైల్ని హ్యాండ్‌బ్రేక్‌లో తెరువు. ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి బాబ్ ఎంచుకో. అప్పుడు 50 సగాలూ 50 పూర్తి ఫ్రేములవుతాయి, కదలిక కెమెరా తీసినంత సాఫీగా ఉంటుంది. ఫ్రేమ్ రేట్ 50, కాన్‌స్టంట్. వీడియో హెచ్264, క్వాలిటీ ఆర్ఎఫ్ 20. ఆ అంకె తగ్గేకొద్దీ నాణ్యతా సైజూ పెరుగుతాయి. బిట్ రేట్ అంకె నువ్వు ఇవ్వకు. ఆర్ఎఫ్ పెడితే పూలతెర దగ్గర మిగిల్చి తలంబ్రాల దగ్గర ఖర్చుపెట్టడం ఎన్‌కోడరే చూసుకుంటుంది. ఏదైనా పాత పరికరం 50 ఫ్రేములు ఆడలేక తడబడితే డీఇంటర్‌లేస్ ఆన్‌లోనే ఉంచి, బాబ్ ఒక్కటి తీసేసి 25తో ఇంకో కాపీ చెయ్యి.

గంటన్నర మొత్తం ఒకేసారి పెట్టేయకు. రేంజ్‌లో సెకన్లు ఎంచి తలంబ్రాల నిమిషం ఒక్కటే తీసి టీవీలో చూడు. నచ్చకపోతే ఆర్ఎఫ్ 18.

తెనాలి టర్బో:
అన్నా, గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడింగ్‌ని మీరెవరూ పట్టించుకోలేదు. నాకు పదో వంతు టైములో అవుతుంది.

గవర్నర్‌పేట ఎడిటర్:
వాడొచ్చు, నేనూ వాడతాను. క్లయింటుకి ఫోన్లో శాంపిల్ పంపాలంటే అదే. కానీ అంతే సైజులో ప్రాసెసర్ మెల్లగా చేసినంత శుభ్రంగా రాదు, అంత శుభ్రం కావాలంటే సైజు పెంచాలి. ఇన్నేళ్ళు బీరువాలో దాగిన పెళ్ళి ఇంకో రాత్రి ఆగలేదా?

బ్రాడీపేట తమ్ముడు:
రాత్రి పెట్టి పడుకున్నా. తెల్లవారుజామున లేచి చూస్తే 98 శాతం. మొహం కడుక్కుని వచ్చేలోపు కరెంటు పోయింది, నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మళ్ళీ ఆన్ చేస్తే ఫైల్ 5 జీబీ ఉంది కానీ ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు.

పటమట అక్క:
అయ్యో. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక ఎంపీ4లో అన్నీ అయ్యాక రాస్తుంది. అది పడకుండానే కరెంటు పోతే 5 జీబీ ఉన్నా ప్లేయర్‌కి తల తెలియదు, తోక తెలియదు. ఒరిజినల్ నీ దగ్గరే ఉంది కాబట్టి రిపేర్ సాఫ్ట్‌వేర్ల జోలికి పోకు. ఈసారి ఫార్మాట్ ఎంకేవీ పెట్టు, అది ఇంకో రకం డబ్బా. మధ్యలో ఆగినా అప్పటిదాకా రాసింది ఆడుతుంది. అంతా అయ్యాక లాస్‌లెస్‌కట్ అనే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఎంపీ4 చేసుకో. డబ్బా మార్చడమే కాబట్టి మళ్ళీ రాత్రంతా కూర్చోవక్కర్లేదు, కొద్ది నిమిషాల పని. పక్కింట్లో ఇన్వర్టర్ ఉంటే అడుగు, ఈ ఎండల్లో ల్యాప్‌టాప్ కింద గాలి ఆడేలా రెండు పుస్తకాలు కూడా పెట్టు. వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, నీ గంటలు పెరుగుతాయి.

బ్రాడీపేట తమ్ముడు:
అయిందక్కా! ఎంకేవీ, తర్వాత ఎంపీ4. 5 జీబీ పైచిలుకు. పెన్‌డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ ఉన్నా ఫైల్ చాలా పెద్దది అంటోంది.

పటమట అక్క:
ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ అది. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఉన్నవి వేరేచోటికి తీసుకుని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చెయ్యి.

గవర్నర్‌పేట ఎడిటర్:
పెన్‌డ్రైవ్ అంటే పెన్‌డ్రైవే, పొరపాటున మావయ్య కార్డు ఫార్మాట్ చేసేవు. ఆ కార్డులో ఉన్న ఫోల్డర్లను మొత్తంగా, ఎంటీఎస్‌లు ఒక్కటే ఏరకుండా, రెండు వేరువేరు డిస్కుల్లోకి కాపీ చేసి పెట్టుకో.

బ్రాడీపేట తమ్ముడు:
చేశానన్నా. నిన్న రాత్రి అతికించిన ఎంటీఎస్‌నే టీవీలో పెట్టాం, మీరన్నట్టే నేరుగా ఆడింది. జరీ అంచు ఎక్కడా చెదరలేదు, డోలు కర్ర పడ్డప్పుడే మోగుతోంది. బావ పోసిన తలంబ్రాల్లో నాలుగు గింజలు పంతులుగారి కళ్ళజోడు మీద పడితే, ఆయన మంత్రం ఆపకుండానే జోడు తీసి కండువాతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నా 1.4 జీబీ ఫైల్లో ఆ చోట గళ్ళు తప్ప ఏమీ లేవు. నాన్న ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పించారు.