చెరువు పూడిక తీసే ముందు మట్టి కోర్ తీసి దాచాలా, వద్దా? (బెంగళూరు)

మట్టిపొరలు:
ఎండాకాలం వచ్చిందంటే మన బెంగళూరు చెరువుల్లో జేసీబీలు దిగుతాయి, మంచిదే, నేను కాదనను. నేను చేసేది జియాలజీ, సరస్సుల అడుగు మట్టిలోంచి పాతకాలం వానల సంగతి తీసే పని. పూడిక ఎత్తే ముందు ఒకట్రెండు చోట్ల పైపు దించి కోర్ (పొరల వరస చెదరకుండా పైపులో నిలువుగా వచ్చే మట్టి కడ్డీ) తీసి దాచాలి, ఆ షరతు టెండర్‌లోనే రాయాలి, ఇదే నేను అడిగేది. టిప్పర్లో పోయిన మట్టిని మళ్లీ వరసలో పేర్చలేం కదా. మన దగ్గర వాన కొలిచిన లెక్కలు 19వ శతాబ్దం దాటి వెనక్కి పోవు, అంతకుముందు శాసనాలున్నాయి గానీ అవి చెరువు ఎవరు తవ్వించారో చెప్తాయి, ఎన్నేళ్లు ఎండిందో చెప్పవు. ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండ్ అయింది, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది, మిగిలినవాటినైనా చదివి పెట్టుకోవాలి. మీరేమంటారు?

ట్యాంకర్ బాధితురాలు:
2024 ఎండాకాలం మా అపార్ట్‌మెంట్‌లో బోర్లన్నీ ఎండిపోయి పిల్లలకి స్నానం కూడా రోజు మార్చి రోజు చేయించాం అండీ. మాకు చెరువు లోతు కావాలి, నీళ్లు నిలవాలి. ఇప్పటికే కోర్టు, పర్మిషను, టెండరు అంటూ ఏళ్లు పడుతున్నాయి, మీరు ఇంకో షరతు పెడితే ఈలోపు వానలొచ్చేసి పని మళ్లీ పై ఏడాదికి పోతుంది. ఇప్పుడున్న మనుషుల దాహం ముందు, 500 ఏళ్ల కిందటి వాన తర్వాత.

రిటైర్డ్ ఏఈ, అనంతపురం:
బాబూ, చెరువు వేరు, సరస్సు వేరు. చెరువుకి కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, అలుగు పారుతుంది, ఎండాకాలం అడుగంతా నెర్రెలిస్తుంది, దాంట్లో గొడ్లు తిరుగుతాయి, ఊళ్లోవాళ్లు బండ్లు కట్టి ఒండ్రు పొలాలకి తోలుకుంటారు, పొరలన్నీ కలిసిపోయి ఉంటాయి. దాంట్లో నువ్వు చదివేదేముంటుంది?

మట్టిపొరలు:
సార్ మీరు చెప్పింది నిజం, చాలా చెరువుల్లో అంతే. మట్టి కదలని చోట ఏం దొరుకుతుందో చెప్తాను, మహారాష్ట్రలో లోనార్ సరస్సు ఉంది, ఉల్క పడి ఏర్పడిన గుంట, అంచు నుంచి అంచుకి 1.8 కిలోమీటర్లు, నీళ్లు బయటికి పోయే దారే లేదు. అక్కడి కోర్లో గేలుసైట్ అనే స్ఫటికాలు దొరికాయి, నీళ్లు బాగా ఇగిరి ఉప్పు, క్షారం చిక్కబడితేనే అవి పుడతాయి, అవి ఉన్న పొరల్ని బట్టి 4,600 నుంచి 3,900 ఏళ్ల కిందట ఒకసారి, 2,000 నుంచి 600 ఏళ్ల కిందట ఇంకోసారి అక్కడ దీర్ఘకాలం వానలు తగ్గాయని తేల్చారు. మన చెరువులో అంత శుభ్రమైన రికార్డు దొరకదు, ఒప్పుకుంటాను. కానీ పొరలు కలిసాయో లేదో చూడ్డానికి పరీక్ష ఉంది. అణుబాంబు పరీక్షల్లో పుట్టిన సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ప్రపంచమంతా మట్టిలో పడింది, 1963 దగ్గర అది ఎక్కువ. గాల్లోంచి మట్టిలోకి చేరే లెడ్-210 అనే రేడియోధార్మిక సీసం ప్రతి 22 ఏళ్లకి సగమవుతుంది కాబట్టి లోతుకి పోయేకొద్దీ ఒక వరసలో తగ్గాలి. ఈ రెండూ వరసగా ఉంటే మట్టి కదల్లేదని అర్థం, గజిబిజిగా ఉంటే ఆ కోర్ పక్కన పెట్టేస్తాం. ఆ పరీక్షలు వందా నూటయాభై ఏళ్ల వరకే, ఇంకా కిందికి ఆకుముక్కలు దొరికితే వాటి వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్ష, దాంతోపాటు పుప్పొడి చూస్తే చుట్టూ గడ్డి ఉందో, చెట్లున్నాయో, ఎప్పుడు సేద్యం మొదలైందో తెలుస్తుంది. మేడమ్, మీ పని ఆగదు, సర్వే జరిగే టైంలోనే తీసేయొచ్చు.

సందేహం:
ఈ మట్టి సైన్స్ అంత గట్టిదా? రాజస్థాన్ సరస్సుల పుప్పొడి చూసి హరప్పా పతనానికి కరువే కారణమని పుప్పొడి శాస్త్రవేత్త గురుదీప్ సింగ్ 1971లో అన్నారు, 1999లో ఎంజెల్ అనే శాస్త్రవేత్త బృందం అక్కడి లూణ్‌కరణ్‌సర్ సరస్సు ఆ నగరాలు లేవకముందే ఎండిందని చెప్పింది. అదే ప్రాంతం, రెండు కథలు.

మట్టిపొరలు:
అందుకే ఒక్క సరస్సుని నమ్ముకోకూడదు అంటాను. 2014లో హర్యానాలోని కోట్లా దాహర్ అనే పాత సరస్సులో నత్తగుల్లల ఆక్సిజన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు, నీళ్లు ఇగిరేకొద్దీ బరువైనవి పెరుగుతాయి) చూసి సుమారు 4,100 ఏళ్ల కిందట వానలు బాగా తగ్గాయని ఇంకో బృందం చెప్పింది. ఒక్కో సరస్సు దాని చుట్టుపక్కల సంగతే చెప్తుంది, ఎన్ని ఎక్కువ చోట్ల తీస్తే అంత నిజం దగ్గరికొస్తాం, మన దక్షిణాదిలోనేమో తీసే లోపే తవ్వేస్తున్నాం.

హోసకోటె రైతుబిడ్డ:
నాది వేరే గోల అన్నా. మిషన్ కాకతీయలో 2015 నుంచి తెలంగాణలో చెరువు మట్టి పొలాలకి తోలారు, ఎరువు ఖర్చు తగ్గిందని మా మేనమామ చెప్తాడు. కానీ నురగతో మంటలు లేచిన బెళ్లందూరు లాంటి చెరువు మట్టి నా చేలో ఎలా పోసుకోను? ఏ లోతు నుంచి విషం మొదలైందో మీ కోర్ చెప్తుందా?

మట్టిపొరలు:
చెప్తుంది తమ్ముడూ, మురుగుతో వచ్చిన విషపు లోహాలు ఏ లోతులో మొదలయ్యాయో చూస్తే పై పొర ఎంతవరకు చెడిందో తేలుతుంది, కింద బాగున్న ఒండ్రు పొలానికి, పైది వేరేచోటికి.

ట్యాంకర్ బాధితురాలు:
ఇది ముందే చెప్పాల్సింది, మా అసోసియేషన్ మీటింగుల్లో అందరూ అడిగేది ఆ మట్టి ఎక్కడ పోస్తారనే. అయినా ఒక్క వారం ఆలస్యమైనా నేను ఒప్పుకోను.

రిటైర్డ్ ఏఈ, అనంతపురం:
అయితే టెండర్‌లో పెట్టొద్దు, కాంట్రాక్టరు బిల్లు చేసుకుని ఏదో ఒక మట్టి పైపులో నింపి ఇస్తాడు. పూడిక లోతు కొలవడానికి డీపీఆర్ (పనికి ముందు తయారుచేసే వివరమైన ప్రాజెక్టు రిపోర్టు) దశలోనే మట్టి పరీక్ష బోర్లు వేస్తారు, అప్పుడే మీవాళ్లు వచ్చి తీసుకోండి. కట్ట పక్కన మాత్రం వద్దు, కట్టకి మట్టి అక్కడే తవ్వి ఉంటారు.