డీజిల్ పికప్ అమ్మి గ్యాస్ బండి కొంటే నిజంగా మిగులుతుందా?

గట్టుమీద బండి:
డీజిల్ రేటు పెరిగిన ప్రతిసారీ ఆటోనగర్ స్టాండుల్లో ఇదే గొడవ. ఒకరు అమ్మేసి సీఎన్‌జీ తీసుకో అంటారు. ఇంకొకరు గ్యాస్ బండి లోడు లాగదు, చేతులు కాల్చుకుంటావు అంటారు. ఇక్కడ మాటలొద్దు, లెక్కలు చెప్పండి. అందరం ఒకే బండి మీద మాట్లాడుకోడానికి ఒక కేసు అనుకుందాం: 2.5 లీటర్ల ఇంజన్ బొలెరో పికప్, ఆరేళ్ల పాతది, కిస్తీలు అయిపోయాయి. పోయేటప్పుడు కూరగాయలో హార్డ్‌వేర్ సామానో, వచ్చేటప్పుడు సగం రోజులు ఖాళీ. నెలకు 3,000 కిలోమీటర్లు. లోడూ ఖాళీ కలిపి మైలేజీ లీటరుకు 12. డీజిల్ 96 అనుకుందాం, మీ ఊళ్లో ఎంతుంటే అంత వేసుకోండి. ఉంచుకోవాలా, మార్చాలా?

ఖమ్మం రోడ్డు:
మార్చాలె. ఇందుల ఆలోచించేది ఏమున్నదన్నా. డీజిల్‌కు కిలోమీటరుకు 8 రూపాయలు పడుతున్నది. అదే లోడు మీద గ్యాస్ బండి కిలోకి 15 ఇస్తదనుకో, కిలో 96 ఉన్నా 6.40 పడతది. కిలోమీటరుకు రూపాయి అరవై పైసలు మిగిలె. 3,000 కిలోమీటర్లకు నెలకు 4,800, ఏడాదికి 57,600. కిలో గ్యాసుల లీటరు డీజిల్ కన్నా ఇంచుమించు మూడో వంతు ఎక్కువ శక్తి ఉంటది. స్పార్క్ ఇంజన్, అంటే ప్లగ్గు నిప్పురవ్వతోని మండేది కాబట్టి అందుల కొంత పోతది, అయినా తేడా నిలబడతది.

చిట్టాపద్దు:
57,600 సరే. కొత్త బండి ఊరికే రాదు కదా. పాతది అమ్మగా వచ్చింది పోను పైన ఐదు లక్షలు లోను పడిందనుకోండి. 11 శాతం, ఐదేళ్లు. కిస్తీ నెలకు దాదాపు 10,870. మిగిలేది 4,800, కట్టేది 10,870. కిలోమీటరుకు 1.60 మీద ఆ కిస్తీ రాబట్టాలంటే నెలకు 6,800 కిలోమీటర్లు తిప్పాలి. కొత్త బండికి ఫుల్ ఇన్సూరెన్సు ఇంకా కలపలేదు. కిస్తీ తీరిన డీజిల్ బండిని ఇంధనం కోసం అమ్మడం 3,000 కిలోమీటర్ల బండికి దండగ.

ఖమ్మం రోడ్డు:
నువ్వు పాత బండికి జెప్తున్నవ్. ఇంజన్ రిపేరుకొచ్చి ఎట్లయినా మార్చే టైం అయినోనికి ఆ లెక్క వర్తించదు. అప్పుడు చూడాల్సింది డీజిల్ మోడల్‌కూ గ్యాస్ మోడల్‌కూ ధరల తేడా ఒక్కటే, మొత్తం ఐదు లక్షలు కాదు. ఇంకోటి, గ్యాస్ మీద జీఎస్టీ ఉంటది, ఇన్‌పుట్ తీసుకోవచ్చు, అంటే కట్టిన పన్ను మన పన్నుల తగ్గించుకోవచ్చు.

చిట్టాపద్దు:
మొదటి మాట ఒప్పుకుంటున్నా. రెండోది తప్పు. సహజ వాయువు కూడా పెట్రోలు, డీజిల్ లాగే జీఎస్టీ బయటే ఉంది. రెండింటి మీదా వ్యాటే. ఇన్‌పుట్ ఏమీ రాదు.

పానా పదహారు:
ఇద్దరూ లీటరుకు 12 అన్న అంకె పట్టుకుని కొట్టుకుంటున్నారు. అసలు ఆ 12 ఎవరు కొలిచారు? డ్యాష్‌బోర్డు ముల్లు చూసి చెప్పే మైలేజీ నమ్మొద్దు. ఒకే బంకు, ఒకే నాజిల్, బండి నిలిపే చోటు కూడా ఒకటే. నాజిల్ తనంతట తానే ఆగే మొదటి కట్‌కి ఆపాలి, ఆ తర్వాత రౌండ్ ఫిగర్ కోసం చుక్క కూడా పోయించకూడదు. కనీసం 300 కిలోమీటర్లు తిప్పి మళ్లీ అక్కడే అలాగే నింపాలి. మూడుసార్లు చేసి సగటు తియ్యండి. బంకు మీద అనుమానముంటే ఐదు లీటర్ల కొలపాత్ర అడగండి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నది ప్రతి బంకులో ఉండి తీరాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడా చెల్లుతుంది, అంతకు మించితే ఫిర్యాదు చెయ్యొచ్చు.

అంకె 12 కన్నా తక్కువ వస్తే బండి అమ్మే ముందు ఇవి చూడండి.

బ్రేకు పట్టేయడం. చదును రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొట్టకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, తాకొద్దు. ఒకటే సెగ కొడుతుంటే ఆ చక్రం పట్టేస్తోంది. వెనకైతే హ్యాండ్‌బ్రేకు కేబుల్ బిగుసుకుని ఉంటుంది, లేదా వీల్ సిలిండర్ జామ్. ముందైతే క్యాలిపర్ పిన్నులు గ్రీజు ఎండి ఇరుక్కుపోతాయి. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. లైనర్ పాడవక ముందు పట్టుకుంటే ఖర్చు గ్రీజు డబ్బులే.

థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు. మన దగ్గర మెకానిక్కులకు ఒక జబ్బు ఉంది. బండి వేడెక్కింది అనగానే థర్మోస్టాట్ పీకి పారేస్తారు. రేడియేటర్‌లో ఉన్న అసలు రోగం అలాగే ఉంటుంది. ఇంజన్ చల్లగా తిరుగుతూ కంప్యూటర్ ఇంకా వార్మప్ అవుతోందనుకుని డీజిల్ ఎక్కువ కొడుతుంది. హైవే మీద కూడా టెంపరేచర్ ముల్లు మధ్యకు రాకపోతే మీ బండిలో అది లేదనే అర్థం.

ఇంటర్‌కూలర్ పైపు, అంటే టర్బో గాలిని చల్లార్చి ఇంజన్‌కు పంపే దారి. ఎత్తు మీద ఉస్సుమని ఈల, వెనక నల్ల పొగ, పైపు జాయింటు దగ్గర ఆయిల్ తడి, ఈ మూడూ కలిసి కనిపిస్తే గాలి లీకు. క్లాంపు బిగిస్తే పోయేదానికి ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) మార్పించుకున్న వాళ్లున్నారు.

ఇంజెక్టర్లు మార్చమని ఎవరైనా అంటే ముందు రిటర్న్ టెస్టు అడగండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు పీకి, గీతలున్న నాలుగు సీసాలు తగిలించి, ఇంజన్ ఐడిలింగ్‌లో పెట్టి చూస్తారు. నాలుగింట్లోనూ మట్టం ఒకేలా పెరగాలి. ఒక్కటి మిగతావాటికి రెట్టింపు నిండితే ఆ ఒక్కదానికే పని. నాలుగూ మార్చనక్కర్లేదు.

అన్నట్టు, ఉన్న డీజిల్ ఇంజన్‌కే గ్యాస్ కిట్ పెట్టించుకుంటానని అడిగేవాళ్లకు: పెట్రోలు బండికి పెట్టినట్టు కుదరదు. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు లేదు, కంప్రెషన్ ఎక్కువ. హెడ్డు, పిస్టన్ల దగ్గర్నుంచి మార్చాలి, దానికి అప్రూవల్ కావాలి, ఆర్సీలో ఎక్కించాలి. దొంగచాటుగా చేయించుకుంటే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు వాడు మొదట చూసేది అదే.

సీమ బండి:
మా దిక్కు ఇంకో మాట ఉందప్పా. హిందూపురం, మడకశిర వాళ్లు డీజిల్ కర్ణాటకలో కొట్టిస్తారు. తెలంగాణలో డీజిల్ వ్యాట్ 27 శాతం, ఆంధ్రలో 22.25 శాతం, దానిమీద లీటరుకు 4 రూపాయలు, రూపాయి రోడ్డు సెస్సు. కర్ణాటక 2025 ఏప్రిల్‌లో 21.17 శాతానికి పెంచినా ఆ పైన వేసేవి లేవు కాబట్టి తక్కువే పడుతుంది. లీటరుకు 6 తేడా అనుకో, 60 లీటర్ల మీద 360. కానీ దానికోసమే 20 కిలోమీటర్లు పోయి 20 కిలోమీటర్లు వస్తే 320 డీజిల్ అక్కడే కాలిపోయ. లోడు ఆ దారినే ఉంటే కొట్టించుకో, లేకుంటే వద్దు.

ఇంకోటి, రోడ్డు పక్కన డ్రమ్ముల్లో బయోడీజిల్ అని తక్కువకు అమ్ముతారే, దాని జోలికి పోవద్దు.

పానా పదహారు:
సీమ అన్న చివరి మాటకు కారణం కలుపుతా. కామన్ రైల్ బండిలో (రైల్ అనే ఒకే గొట్టంలోంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ పోయేది) హై ప్రెషర్ పంపుకు వేరే ఆయిల్ ఉండదు, దాంట్లోంచి పోయే డీజిలే దానికి జిడ్డు. కిరోసిన్ కలిసినా, ఏదో సాల్వెంట్ కలిసినా ఆ జిడ్డు తగ్గి పంపు లోపల రాసుకుంటుంది. రాలిన ఇనుప రజను నేరుగా రైల్లోకి, అక్కణ్ణుంచి నాలుగు ఇంజెక్టర్లలోకి పోతుంది. అప్పుడు పంపు ఒక్కటి మారిస్తే చాలదు, ట్యాంకు దగ్గర్నుంచి మొత్తం లైను కడగాలి. లీటరుకు పది రూపాయలు మిగిల్చుకోబోతే పోయేది ఐదంకెల్లో.

మాపటి లోడు:
గ్యాస్ మెచ్చుకునేవాళ్లు ప్రెషర్ సంగతి చెప్పరేంటి? 60 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) నిండితే కాగితం మీద పది కిలోలు, చేతికొచ్చేది ఎనిమిది, తొమ్మిది. పైప్‌లైన్ ఉన్న బంకులో అయితే అది వస్తుంది. లారీ మీద సిలిండర్ల గుత్తి తెచ్చి నింపే బంకుల్లో ఆ గుత్తి ఖాళీ అయ్యేకొద్దీ ప్రెషర్ పడిపోతుంది. సాయంత్రం పోతే 140, 150 బార్ దగ్గర ఆగిపోతుంది. అంటే అదే సిలిండర్‌లో ఆరేడు కిలోలు. వంద కిలోమీటర్ల ట్రిప్పు మధ్యలో మళ్లీ లైన్లో నిలబడాలి. వేగంగా నింపితే గ్యాస్ వేడెక్కి గేజి నిండినట్టు చూపిస్తుంది, పావుగంట తర్వాత చల్లారి ముల్లు కిందికి దిగుతుంది. బంకువాడు మోసం చేశాడని గొడవ పడతారు. అది మోసం కాదు.

బరువు ఇంకో సంగతి. ఆ సైజు ఇనుప సిలిండర్ ఖాళీదే 60 కిలోల దాకా ఉంటుంది. బండి మొత్తం బరువు పరిమితి మారదు కాబట్టి ఆ మేరకు సరుకు తగ్గుతుంది. ఎక్కించి చూద్దాంలే అనుకుంటే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్ జరిమానా 20,000, పైన టన్నుకు 2,000.

ఖమ్మం రోడ్డు:
బంకులు లేని రోజుల ముచ్చట చెప్తున్నవ్. హైదరాబాద్, విజయవాడల భాగ్యనగర్ గ్యాస్ ఉన్నది, గోదావరి జిల్లాలకు గోదావరి గ్యాస్, నల్గొండ, ఖమ్మం దిక్కు మేఘా, సంగారెడ్డి దిక్కు టొరెంట్. పొద్దున్న లోడు ఎక్కేముందే నింపుకుంటే ప్రెషర్ బాధ ఉండది. కంపెనీ గ్యాస్ బండ్లల్ల చాలావాటికి చిన్న పెట్రోలు ట్యాంకు కూడా ఇస్తరు. అది బంకు దాకా పోనీకె. దానిమీదనే లోడు గుంజితే మైలేజీ పోయి మన లెక్కే తలకిందులైతది.

ఒక్కటి మాత్రం యాది పెట్టుకోండి. మూడేళ్లకోసారి సిలిండర్ హైడ్రో టెస్టు, అంటే నీళ్ల ప్రెషర్ పెట్టి చూసే పరీక్ష. నింపే వాల్వు దగ్గర ప్లేటు మీద తేదీ ఉంటది. అది దాటిందంటే బంకోడు పైపు పెట్టడు. సీజన్ మధ్యల పడకుండ చూసుకోవాలె, ఎందుకంటే సిలిండర్ ఇప్పి పంపి తెచ్చేదాకా బండి నిలబడుతది.

వైరు తెగినోడు:
టౌనులో రోజుకు 80 కిలోమీటర్లు తిరిగే బండ్లకు మీ రెండూ కాదు, ఎలక్ట్రిక్. టాటా ఏస్ ఈవీ 1000కు టన్ను లోడు, కంపెనీ చెప్పే రేంజి 161. లోడు మీద వంద వచ్చినా సరిపోతుంది. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ, చిన్న గూడ్స్ బండ్లకు కూడా.

గట్టుమీద బండి:
టౌను బండికి నిజమే కావచ్చు. మన కేసు ఊరికీ మార్కెట్‌కీ మధ్య తిరిగే బండి. నడిపే పద్ధతి మీద ఎవరూ ఏమీ అనలేదు. దిగుడులో న్యూట్రల్ చేస్తే మిగులుతుందని అందరూ అంటారు.

పానా పదహారు:
కంప్యూటర్ లేని పాత పంపు బండ్ల రోజుల్లోంచి వచ్చిన అలవాటది. ఇప్పటి ఇంజన్ గేరులో ఉండి కాలు తీసేస్తే డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్లో పెడితే ఐడిలింగ్ కోసం మళ్లీ కొట్టాలి. అంటే న్యూట్రల్‌లోనే ఎక్కువ తాగుతుంది. అనంతగిరి ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో కీ ఆపేసి దిగితే బ్రేకు బూస్టరు, పవర్ స్టీరింగ్ రెండూ పోతాయి. ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగాలి.

మిగిలేది వేగంలో. 60 నుంచి 80కి పెంచితే గాలి అడ్డు 1.8 రెట్లవుతుంది. క్యాబిన్ కన్నా ఎత్తుగా లోడు కట్టి, పట్టా వదులుగా ఎగురుతుంటే ఇంకా ఘోరం. తాడు నాలుగు వరసలు ఎక్కువ వేసి పట్టా బిగించండి. మార్కెట్ గేటు దగ్గర గంటలు గంటలు ఇంజన్ ఆన్‌లో ఉంచి కూర్చోవడం ఇంకో చిల్లు, గంటకు ముప్పావు లీటరు అటూ ఇటూగా పోతుంది. బీఎస్6 బండి అయితే దీనివల్ల డీపీఎఫ్‌లో (పొగలో మసి పట్టే జల్లెడ) మసి కూడా పేరుకుంటుంది, దాన్ని కాల్చుకోడానికి బండి మళ్లీ అదనంగా డీజిల్ తాగుతుంది.

చిట్టాపద్దు:
ఇవన్నీ చెయ్యండి, కానీ పెద్ద చిల్లు ఎక్కడుందో చూడండి. డీజిల్ ఏకంగా 5 రూపాయలు పెరిగిందనుకోండి. 200 కిలోమీటర్ల రానూపోనూ ట్రిప్పుకు పెరిగే ఖర్చు 83 రూపాయలు. అదే ట్రిప్పులో వంద కిలోమీటర్లు ఖాళీగా తిరిగొస్తే, ఖాళీ బండి లీటరుకు 14 ఇచ్చినా 685 పోయింది. ఎనిమిది రెట్లు. నెలలో ఖాళీ రిటర్నుల్లో నాలుగింటికి డీజిల్ డబ్బులు వచ్చే లోడు దొరికినా చాలు, గ్యాస్ బండి తెచ్చే 4,800లో సగానికి పైగా వచ్చేసినట్టే. దానికి లోను అక్కర్లేదు. ఎరువుల బస్తాలు, ఖాళీ క్రేట్లు, పాత ఇనుము, ఏదైనా సరే. ఖాళీ క్రేట్లు ఎవరికి తిరిగి పోవాలో మార్కెట్ యార్డు కమీషన్ కొట్లలో అడిగితే తెలుస్తుంది. అయితే రిటర్న్ లోడు కోసం మూడు గంటలు ఎదురుచూసి, రేపటి పొద్దుటి ట్రిప్పు పోగొట్టుకోవద్దు.

రెండోది కిరాయి మాట. పెరిగినప్పుడల్లా సేటుతో బేరమాడే బదులు మొదట్లోనే కాగితం మీద పెట్టుకోండి: ఒప్పుకున్న రోజు డీజిల్ రేటు ఇంత. ఆ తర్వాత లీటరుకు ప్రతి రూపాయి తేడాకు కిలోమీటరుకు 8 పైసలు. లీటరుకు 12 ఇచ్చే బండికి వచ్చేది 8.33, ఆ చిల్లర వదిలేయండి. నెల మొదటి తేదీ రేటు పట్టుకుని ఆ నెలంతా లెక్కవేస్తే రోజూ గొడవ ఉండదు.

సీమ బండి:
సేట్లు యాడ ఒప్పుకుంటారప్పా. ఎక్కువ అడిగితే ఇంకో బండిని పిలుస్తారు.

చిట్టాపద్దు:
పెంచడం ఒక్కటే రాస్తే ఒప్పుకోరు. డీజిల్ తగ్గితే అదే 8 పైసలు తగ్గిస్తానని పక్కనే రాయండి. 2022 మే నెలలో కేంద్రం డీజిల్ మీద ఎక్సైజు 6 రూపాయలు తగ్గించింది. అప్పుడు స్టాండులో ఎంతమంది కిరాయి తగ్గించారు? సేట్ల కడుపుమంట అదే.